పదో పేరు

“ఈ నూరేళ్ళలో జనాన్ని అందరికంటే ఎక్కువగా అలరించినవాళ్ళు ఎవరు గురువుగారూ?”

కామేశం ఈ ప్రశ్న వెయ్యడం అయిదు రోజుల్లో అది నాలుగోసారి. హరికథలు చెప్పే లక్ష్మణదాసుగారికి ఒక అలవాటుండేది. ఎవరైనా ఏదైనా అడిగితే వాళ్ళ ముఖంలోకి కాకుండా చేతులకేసి చూసేవారు. చేతులు నిలకడగా ఉంటే జవాబు చెప్పేవారు. లేకపోతే ఏదో ఒక పని పురమాయించేవారు. ఆ రోజు కామేశం చేతులు కండువా అంచును మెలిపెడుతూనే ఉన్నాయి. దాసుగారు కాసేపు చూసి, “రేపు సాయంత్రం ఏటి నడుమ లంకలో కథ ఉంది. నువ్వూ రా, వంత పాడాలి,” అన్నారు.

కామేశం తపాలా కచేరీలో గుమాస్తా. పన్నెండో ఏట సంతపేటలో దాసుగారి కథ విని, ఇంట్లో చెప్పకుండా ఆయన వెంట పక్క ఊరు దాకా నడిచి వెళ్ళినవాడు. నలభై ఆరేళ్ళు వచ్చినా ఆ నడక ఆగలేదు. సెలవు దొరికినప్పుడల్లా తాళం పట్టుకుని గురువు వెనక నిలబడతాడు. తనంతట తాను గజ్జె కట్టి కథ చెప్పింది లేదు. అందుకు చింతా లేదు.

చింతంతా ఇప్పుడు వచ్చిపడింది. శతాబ్దం ముగుస్తోందని పట్నంలోని కళాసమితి ఒక ప్రత్యేక సంచిక తలపెట్టింది. నూరేళ్ళలో తెలుగువాళ్ళకు వినోదం పంచిన మహామహులు పదిమందిని ఎంచి వాళ్ళ బొమ్మలతో అచ్చు వెయ్యాలని సంకల్పం. ఎంచడానికి అయిదుగురు కూర్చున్నారు, వాళ్ళలో కామేశం ఒకడు. మూడు వారాలు కొట్లాడుకున్నారు. తెరమీది వాడు గొప్పా, రంగస్థలం మీది వాడు గొప్పా? రేడియోలో గొంతు తప్ప ముఖం ఎవరూ ఎరగని మనిషిని లెక్కలోకి తీసుకోవచ్చా? గారడీవాడు కళాకారుడేనా? ఒకాయన కాఫీ గ్లాసు అక్కడే వదిలేసి లేచిపోయాడు, మర్నాడు బతిమాలితే వచ్చాడు. ఎలాగో తొమ్మిది పేర్లు తేలాయి. పదో పేరు దగ్గర బండి ఆగింది. సమితి అధ్యక్షులు ప్లీడరుగారు ఒక సినిమా హాస్యనటుడి పేరు పట్టుకున్నారు. కామేశం తన గురువు పేరు పట్టుకున్నాడు.

“దాసుగారు గొప్పవారు కాదని నేననను,” అన్నారు ప్లీడరుగారు శాంతంగా. “కానీ ఈ రెండు ఏటిపాయలు దాటితే ఆయన ఎవరికి తెలుసండీ?”

ఆ మాట కామేశం అరికాల్లో ముల్లులా విరిగిపోయింది. ఈ గొడవంతా గురువుగారికి చెప్పలేదు. ఆయన నోటినుంచే ఒక కొలబద్ద రాబట్టి, ఆ కొలబద్దతోనే ఆయన్ని గెలిపించాలని అతని ఎత్తు. ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటిలోగా పదో పేరు ప్రెస్సుకి అందాలి. అందకపోతే ప్లీడరుగారి మాటే ఖాయమని ఒప్పందం జరిగిపోయింది.

శనివారం సాయంత్రం లంకలో కథ బాగా సాగింది. కామేశం మాత్రం రెండుచోట్ల తాళం తప్పాడు. ఆదివారం పొద్దున్నే ఎనిమిది గంటల పడవకి గురుశిష్యులిద్దరూ ఎక్కారు. పద్నాలుగు మంది జనం, నాలుగు చేపల తట్టలు, ఒక సైకిలు. పడవ నడిపే పోతురాజుకి అరవై దాటి ఉంటాయి, గెడకర్ర వేస్తుంటే మాత్రం భుజాలు ఎద్దు మూపుల్లా లేస్తున్నాయి. సగం దూరం వచ్చాక అడుగున గరగరమని చప్పుడయింది. పడవ నిలబడిపోయింది.

“ఇసక మేటండి. నిన్నటికి ఇక్కడ లేదు,” అన్నాడు పోతురాజు గెడ లోపల పెడుతూ. “సముద్రం పోటెత్తి నీళ్ళు రావాలి. గంట పట్టొచ్చు, గంటన్నరా పట్టొచ్చు.”

కామేశం లేచాడు, కూర్చున్నాడు, గడియారం చూసుకున్నాడు, మళ్ళీ లేచాడు. గురువుగారు నెత్తిమీద తువ్వాలు కప్పుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. ఊరికే ఉండలేక కామేశం పక్కనున్న చేపలావిడని అడిగాడు, ఈ నూరేళ్ళలో జనాన్ని అందరికంటే ఎక్కువ అలరించింది ఎవరంటావని. ఆవిడ ఒక సినిమా కథానాయకుడి పేరు చెప్పింది. సైకిలు తెచ్చిన కుర్రవాడు ఆ పేరు వినగానే ముఖం చిట్లించి ఇంకో కథానాయకుడి పేరు చెప్పాడు. వెనక బల్లమీద కూర్చున్న మేస్టారు ఆ ఇద్దరూ కాదు, పద్యం పాడితే మూడు ఊళ్ళకు వినిపించే నాటకాల ఆయన ఉండేవాడని మొదలుపెట్టాడు. పడవ పడవంతా రెండు పక్షాలయింది. మా వాడి సినిమాకి బండ్లు కట్టుకుని వెళ్ళేవాళ్ళమని ఒకరు, మీ వాడికి పాట ఎవరో పాడితే పెదాలు కదిపేవాడని ఒకరు. సైకిలు కుర్రవాడూ ఇంకొకడూ చొక్కాలు పట్టుకునేదాకా వెళ్ళారు.

క్రితం సాయంత్రం దాసుగారి కథ విని కళ్ళు తుడుచుకున్నవాళ్ళు ఆ పడవలో ఆరుగురున్నారు. కామేశం ఒక్కొక్కరి ముఖంలోకీ ఆశగా చూశాడు. ఎవరూ ఆ పేరు ఎత్తలేదు.

ఈ గోలలో ఒక మనిషి పంచె పైకి కట్టుకుని పడవ అంచుమీద కాలు వెయ్యడం మొదట ఎవరూ గమనించలేదు. అతని పేరు అప్పలకొండ. తాడిచెట్లు గీసేవాడు. చెట్టుమీద తేనెటీగలు కమ్ముకున్నా మోకు వదలని మనిషని లంకంతా చెప్పుకుంటారు. పొత్తికడుపు పక్కన వాపుతో ఆరు నెలలుగా బాధపడుతున్నాడు. భార్య మంగాయమ్మ అతన్ని పట్నం ఆసుపత్రికి ఆపరేషనుకి తీసుకెళ్తోంది.

“ఎక్కడికి?” అంది ఆవిడ రెక్క పట్టుకుని.

“ఇంటికి. పడవే ఆగిపోయింది. శకునం బాగోలేదు. ఇక్కణ్ణించి మేట మీదుగా లంకదాకా నడిచిపోవచ్చు.”

“ఇప్పటికి రెండుసార్లు ఆసుపత్రి గుమ్మందాకా వచ్చి తిరిగిపోయావు. ఇంకా ఆలస్యం చేస్తే పేగు మెలిపడుద్దని, అప్పుడు మనిషి దక్కడని డాక్టరుగారు నీ ఎదురుగానే చెప్పారు కదా.”

“నన్నొదుల్,” అన్నాడు అప్పలకొండ. ఆ గొంతులో కోపం లేదు, వణుకు ఉంది. మంగాయమ్మ రెక్క వదల్లేదు. ఏడవనూ లేదు. పడవలో అందరి ముఖాలకేసీ ఒకసారి చూసిందంతే. వాదాలు ఆగిపోయాయి. మేస్టారు, “భయపడకూడదయ్యా,” అన్నాడు. అది విని అప్పలకొండ రెండో కాలు కూడా అవతల వేశాడు.

అప్పుడు పోతురాజు గెడ పక్కన బల్లమీద చతికిలబడి, ఎవరితోనూ అననట్టుగా మొదలుపెట్టాడు.

“అనగనగా ఒకడు ఏరు దాటాల. ఆడికి నీళ్ళంటే భయం. ముందొక ఆవు దిగింది. ఆడు దాని తోక పట్టుకున్నాడు, కళ్ళు మూసుకున్నాడు. నడి ఏట్లో ఆవుకి దాహమేసింది. నిలబడి తాగతా ఉంది. ఈడికి పై ప్రాణాలు పైనే పోయినియ్యి. ‘సామీ, ఒక కొబ్బరికాయ కొడతాను,’ అన్నాడు. ఆవు ఒకడుగేసింది. మళ్ళీ ఆగింది. ‘రెండు కొడతాను.’ ఇంకో అడుగేసింది. ఆగింది…”

కామేశం చటుక్కున తలెత్తాడు. ఈ కథ అతనికి తెలుసు. అక్షరం అక్షరం తెలుసు. పన్నెండో ఏట అతన్ని ఇంట్లోంచి లేవదీసుకుపోయింది ఈ కథే. గజేంద్రమోక్షం చెబుతూ మధ్యలో జనాన్ని నవ్వించడానికి దాసుగారు అప్పటికప్పుడు అల్లిన పిట్టకథ అది. ముప్ఫయ్యేళ్ళు చెప్పారు. పదేళ్ళ క్రితం ఎందుకో మానేశారు. కామేశం నోరు తెరిచాడు. గురువుగారి చెయ్యి వచ్చి అతని మోకాలిమీద పడింది. ముసలి చెయ్యే, కానీ లేవనివ్వలేదు.

పోతురాజు దేవుళ్ళని వరసగా పిలుస్తున్నాడు, ఒక్కొక్క దేవుడికీ గొంతు మారుస్తున్నాడు. మొక్కుకోవడానికి దేవుళ్ళు అయిపోతే ఆ మనిషి పక్కింటి ముసలమ్మకి కూడా ఒక కాయ మొక్కాడనేసరికి చేపలావిడ పకపకా నవ్వింది. అది దాసుగారి కథలో లేదు. అప్పలకొండ రెండు కాళ్ళూ నీళ్ళలో పెట్టుకుని అంచుమీదే కూర్చుని ఉన్నాడు, తల మాత్రం ఇటు తిప్పాడు.

“చివరకి కాళ్ళకి గట్టు తగిలింది. కళ్ళు తెరిసి ఎనక్కి చూశాడు. ఏరంతా మోకాలిలోతే.”

“అప్పుడు దేవుడితో బేరమాడతాడు కదూ?” అన్నారు దాసుగారు తువ్వాలు తీసి. “మోకాలిలోతుకి నూటొక్క కాయలెందుకు, సగం చిప్ప చాలంటాడు.”

పోతురాజు నొచ్చుకున్నట్టు చూశాడు. “తవరు దాసుగారని తెలుసండి. మీ కథలు మీకుంటాయి. ఇది మా పడవోళ్ళ కథండి, మా తాత చెప్పేవోడు. మీకు సరిగ్గా తెలీదండి. బేరం లేదు ఇందులో.”

“ఓహో. మరి ఎలాగ?” అన్నారు దాసుగారు. నిజంగా తెలియనివాడు అడిగినట్టే అడిగారు.

“ఆడు గట్టెక్కి చూస్తే, అవతలొడ్డున ఇంకొకడు నిలబడి ఉన్నాడండి. అచ్చం ఈడిలాగే వణికిపోతా. తోక పట్టుకుందామంటే ఆడికి ఆవు కూడా లేదు. ఈడు మళ్ళీ ఏట్లోకి దిగాడు. కళ్ళు తెరుసుకునే దిగాడు. ఆడి దగ్గరికెళ్ళి, ‘తోకెందుకురా, చెయ్యి పట్టుకో. ఇప్పుడే దాటొచ్చాను,’ అన్నాడు.”

ఆ మాట అంటూ పోతురాజు లేచి చొక్కా పైకెత్తాడు. పొత్తికడుపు పక్కన బెత్తెడు పొడుగున, జెర్రి పాకినట్టు, మానిన కుట్ల గీత.

“రెండేళ్ళయింది. అదే ఆసుపత్రి,” అన్నాడు అప్పలకొండతో. “పొద్దున్న ఓ పావుగంట సూదికి భయమేసుద్ది. ఆ తరవాత నీకేం తెలీదు. నెల తిరక్కుండా గెడ పట్టొద్దన్నారు, మూణ్ణెల్లాగి పట్టాను. చూస్తన్నావు కదా.”

అప్పలకొండ చాలాసేపు ఆ గీతకేసి చూశాడు. వేలితో తాకి చూడబోయి ఆగాడు. తరవాత కాళ్ళు ఒకటొకటిగా లోపలికి తీసుకున్నాడు. మంగాయమ్మ అతని పాదాలకంటిన ఇసకని చీరకొంగుతో తుడిచింది. పడవలో మళ్ళీ ఎవరూ ఏ కథానాయకుడి ఊసూ ఎత్తలేదు. పోటు నీళ్ళు అడుగున చేరి పడవ కొద్దికొద్దిగా ఊగడం మొదలయ్యేసరికి పదిన్నరయింది.

రేవులో దిగాక పోతురాజు పడవ కట్టేసి, అప్పలకొండతో పాటు తనూ ఆసుపత్రి దాకా రిక్షా ఎక్కాడు.

సంచికలో పదో పేరుగా చివరికి ప్లీడరుగారి హాస్యనటుడే అచ్చయ్యాడు. ఆయన నచ్చనివారు లేరు కనుక ఎవరూ తప్పుపట్టలేదు. కామేశం ఆ రోజు ప్రెస్సుకి వెళ్ళేసరికి ఒంటిగంట దాటింది. రేవునుంచి పావుగంట నడక కూడా లేదు. అంత ఆలస్యం ఎందుకయిందని తరవాత ప్లీడరుగారు అడిగితే, మేటమీద పడవ ఆగిందని చెప్పాడు. అది సగమే నిజం. మిగతా సగం రేవు మెట్లమీద జరిగింది.

జనం వెళ్ళిపోయాక కామేశం అక్కడే నిలబడిపోయాడు. “నన్నెందుకు ఆపారు గురువుగారూ? ఆ కథ మీది. మీరు ఎవరికి తెలుసని నా ముఖాన అడిగారు ప్లీడరుగారు. మూడు వారాలుగా మీ పేరు కోసం కొట్టుకుంటున్నాను. పడవలో ఒక్క మాట, ఈ కథ అల్లింది ఈయనేనని ఒక్క మాట చెప్పి ఉంటే, పద్నాలుగు మంది సాక్ష్యం ఉండేది.”

దాసుగారికి ఆ జాబితా సంగతి అప్పుడే తెలిసిందో, ముందే తెలుసో, ఆయన ముఖం చూసి చెప్పడం కష్టం. మెట్టుమీద కూర్చున్నారు. కామేశం గడియారం చూసుకున్నాడు. పదకొండున్నర. వెళితే ఇంకా అందుతుంది. అతనికి నిలబడబుద్ధి కాలేదు, వెళ్ళబుద్ధీ కాలేదు.

“ముప్ఫయ్యేళ్ళు ఆ మనిషిచేత గట్టుమీద బేరమాడించాను,” అన్నారు దాసుగారు. “జనం నవ్వేవారు. వాణ్ణి మళ్ళీ ఏట్లోకి దింపాలని నాకు ఒక్కసారీ తోచలేదు.”

“మరి పదో పేరు ఎవరిది రాయమంటారు?”

“నీ ఇష్టం నాయనా. ముందు కూర్చో. ఆ పోతురాజు కథ ఆఖర్న అన్న మాట ఇంకోసారి అను. నాకింకా సరిగ్గా నోటికి రాలేదు.”