నాగేంద్రుడి ఒక్క బుస

అనగనగా, గానుగెద్దు తిరిగితేనే ఊరికి నూనె దొరికే రోజుల్లో, గవరయ్య, సూరమ్మ అనే గానుగవాళ్ళు ఉండేవారు. వాళ్ళకి నూకాలని ఒక్కతే కూతురు. ఆరేళ్ళ పిల్ల. అల్లరిలో పదిమంది పెట్టు.

పిల్లలు అల్లరి చెయ్యకపోతే రాళ్ళు చేస్తాయా? చేస్తారు. మందలించాలి. కానీ ఆ తల్లిదండ్రులు మందలించేవారు కాదు, పండగని అడ్డం పెట్టి బెదిరించేవారు. అదీ నాకు ఒళ్ళుమండే సంగతి!

దసరా ముందు నూకాలు దూడ తాడు విప్పేసింది. దూడ పాలన్నీ తాగేసింది. "పండక్కి నీకు పరికిణీ లేదు పో!" అంది సూరమ్మ. పిల్ల మూడు రోజులు వెక్కివెక్కి ఏడ్చింది. తీరా పండగనాడు, ఇరుగుపొరుగు ఏమనుకుంటారోనని, ఎర్రంచు పరికిణీ కట్టారు.

దీపావళి ముందు గానుగలో పిడికెడు ఇసక పోసింది. "మతాబుల మాటెత్తావో, చూడు!" అని ఉరిమాడు గవరయ్య. పండగనాడు బుట్టెడు మతాబులు ఆయనే తెచ్చాడు. పిల్ల రెండు చేతులా కాల్చింది. ఇసక సంగతి అందరూ మరిచిపోయారు. గానుగ మాత్రం కరకరలాడుతూనే ఉంది.

నాలుగు రోజులకి నాగులచవితి వచ్చింది. నైవేద్యానికని నువ్వులూ బెల్లం దంచి చేసిన చిమ్మిలి ఉండలు రెండు, నూకాలు ముందే నోట్లో వేసుకుంది. "నిన్ను పుట్టకి రానివ్వను!" అంది సూరమ్మ. గంటలోపే చెయ్యి పట్టుకుని, మొగుడితో కలిసి తీసుకెళ్ళింది.

పుట్టలో పాలు పోస్తూ, "నూకాలూ, కన్నంలో చెయ్యి పెట్టకు, పాముంది" అంది. ఈసారి నిజమే చెప్పింది, పాపం.

పిల్ల కిలకిలా నవ్వింది. "పరికిణీ లేదన్నావు, ఉంది. మతాబులు లేవన్నాడు నాన్న, ఉన్నాయి. పుట్టకి రానివ్వనన్నావు, వచ్చాను. పాముందంటున్నావంటే లేదన్నమాటే!"

అంటూనే చిమ్మిలి ఉండ పట్టుకుని కన్నంలో చెయ్యి మోచేతిదాకా పెట్టేసింది.

సూరమ్మ కెవ్వుమంది. గవరయ్య ముందుకి ఉరికాడు.

లోపల బుస్సుమని ఒక్క బుస! పిల్ల చెయ్యి లాక్కుని తల్లి ఒళ్ళో పడింది. నాగేంద్రుడు పడగెత్తి బయటికొచ్చాడు.

"నా కోపం పిల్ల మీద కాదు, మీ మీద!" అన్నాడు. "పండగ మీ తాతల సొత్తా, ఇస్తాం, ఇవ్వం అనడానికి? నేను విషప్పురుగునే. అయినా ఉత్తుత్తి బుస కొట్టను. నెల్లాళ్ళు మీరు అరిచినా లెక్కచెయ్యని పిల్ల, నా ఒక్క బుసకి చెయ్యి తీసింది. తియ్యకపోతే? కాటేసింది నేనైనా, వేయించింది మీరు కారూ?"

ఇద్దరూ తలలు దించుకున్నారు. నాగేంద్రుడు పాలు ముట్టకుండానే లోపలికి వెళ్ళిపోయాడు.

సూరమ్మ ఆనవాయితీ ప్రకారం కూతురి చెవులకి పుట్టమన్ను పెట్టింది. తన చెవులకీ, మొగుడి చెవులకీ కాస్త ఎక్కువే పెట్టింది.

ఇంటికొచ్చాక గవరయ్య, "గానుగలో ఇసక పోసింది నువ్వు. పద, ఇద్దరం శుభ్రం చేద్దాం. అదయ్యేదాకా ఆట లేదు" అన్నాడు.

"నిజంగానే లేదా నాన్నా?"

"నిజంగానే లేదమ్మా."

నూకాలు ఆయన మొహంలోకి కాసేపు చూసింది. తరవాత గుడ్డముక్క తెచ్చుకుని గానుగ దగ్గర కూర్చుంది. పండగ చిమ్మిలిలో మాత్రం పిల్ల వంతు పిల్లకి దక్కింది.

కాబట్టి పెద్దలారా, పండగ పేరు చెప్పి పిల్లల్ని ఉత్తినే బెదిరించకండి. అబద్ధపు బెదిరింపులకి అలవాటుపడ్డ చెవి, ప్రాణం మీదికొచ్చిననాడు మీ నిజాన్ని కూడా నమ్మదు.