అటక మీద వేలాడిన తోక

అటక మీది అక్కయ్యా, ఎక్కడికే నీ పయనం?
మేనమామ పెళ్లంట, మీగడ తినబోతున్నా.
తోకకేమి చుట్టావే, తొంగి చూసి చెప్పవే...

ఆ తర్వాత ఏం చుట్టిందో నాకు గుర్తు లేదు. మా ఈడు ఆడపిల్లలం వడ్లు దంచుతూ పాడేవాళ్లం. సరిగ్గా ఆ మాట దగ్గరే రోకలి పడేది. అక్షరాలు నాకు అరవై దాటాక వచ్చాయి, అప్పటికే సగం పాట ఎగిరిపోయింది. కథ మాత్రం నిండుగా ఉంది. అదీ ఎగిరిపోకముందే కాగితం మీద పెడుతున్నాను.

ఒక రైతు ఇంటి పెరట్లో విత్తనాల గది ఉండేది. మట్టి నేల, చెక్క అటక, కొట్టం వైపు కిందుగా ఒక కిటికీ. కింద నాలుగు బస్తాల్లో విత్తనపు వేరుశనగకాయలు. తొలకరి పడి ఏరువాక సాగేదాకా ఆ కాయల్లో ఒక్కటి పోకూడదు. విత్తనం పోతే ఆ ఏడు చేను పోయినట్టే.

కాపలా గోరింటది. గోరింట అంటే పిల్లి. ఎర్రటి ఒళ్లు, దానికి మూరెడు తోక. ఎండ ఎక్కగానే అటకెక్కి పడుకుని, రెండు చెక్కల సందులోంచి తోక కిందికి వదిలేది. ఆ తోక కొస ఊరికే ఉండేది కాదు, అటూ ఇటూ ఆడుతూనే ఉండేది.

నేల కింద పందికొక్కుల బలగం. వాటి పెద్ద తవ్వన్న. బొరియ మూతి దగ్గర ఎప్పుడూ ఒక పందికొక్కును కాపు పెట్టేవాడు. ఆ కాపుకి ఒకటే పని, తోక ఎక్కడుందో చూడటం. అటక నుంచి ఆడుతుంటే "అమ్మగారు పైనున్నారు, దూకుతారు, లోపలే ఉండండి" అనేది. గోరింట బస్తాల చాటున పొంచి ఉంటే తోక కొస బస్తా పక్కన తొంగి చూసేది. అప్పుడు "అమ్మగారు కిందున్నారు" అనేది. తోక ఎక్కడుంటే పిల్లి అక్కడ. మూడు తరాలుగా అదే వాళ్ల శాస్త్రం. ఆ శాస్త్రం వల్లే చాలామంది బతికి బట్టకట్టారు. గోరింటకేమో ఈ సంగతి తెలియదు. తన తోకను చూసి లోకం భయపడుతోందని మురిసిపోయేది.

ఒకనాడు ఎండకి తాళలేక గోరింట బండి కింద నీడలో పడుకుంది. తోక చక్రం ముందు పరుచుకుంది. రైతు మైలెద్దును కట్టి అదిలించాడు. బండి కదిలింది. గోరింట అరిచిన అరుపుకి పెరట్లో కోళ్లన్నీ గోడెక్కాయి.

సాయంత్రం మైలెద్దు కొట్టంలో నిలబడి, మేత ముట్టకుండా అడిగాడు.

"అమ్మడూ, ఎలా ఉంది?"

"నీకెందుకు మామా. బండి లాగేవాడివి, లాక్కో."

"కాడి మెడ మీదుంటే వెనక్కి చూడలేనే తల్లీ. చూసుంటే ఆగేవాణ్ణి, కర్రతో కొట్టినా ఆగేవాణ్ణి."

"వెనక కళ్లు లేవు కాబట్టి మామయ్య చూళ్లేదు. వెనక తోకున్నదానివి, నువ్వన్నా చూసుకోవద్దా వదినా?" అంది చుక్కల కోడిపెట్ట. నోరు ఊరుకోదు దానికి.

"నీ నోటికి చక్రం అడ్డం పడితే బాగుండేది," అని గోరింట అటు తిరిగి పడుకుంది.

మూడో రోజుకి తోకలో నొప్పి తగ్గింది. గోరింట సంతోషించింది. నాలుగో రోజుకి తోక సగం నుంచి కొసదాకా చల్లబడింది. ఆడిద్దామంటే ఆడలేదు. నడుస్తుంటే తడిసిన తాడులా వెనకాలే ఈడ్చుకొచ్చింది. నిచ్చెన పట్టుకుని నానా తంటాలు పడి అటకెక్కింది గానీ దూకే ఓపిక లేదు.

కాపు పందికొక్కు పరుగున పోయి తవ్వన్నకి చెప్పింది. "పెద్దయ్యా, తోక వేలాడుతోంది, ఆడటం లేదు."

తవ్వన్న తానే బయటికొచ్చాడు. బొరియకి రెండడుగుల దూరంలో నిలబడి చేతులు కట్టుకున్నాడు.

"అమ్మగారూ, ఒంట్లో బాగోలేదని విన్నాను. మనసుండబట్టలేక వచ్చాను."

"దగ్గరికి రా, సరిగ్గా చూద్దువుగాని," అంది గోరింట.

"ఇక్కణ్ణుంచి బాగానే కనిపిస్తోంది తల్లీ. కోసేయాలంటారేమో, ఆ మాట చెవిన పెట్టొద్దు. తోకే మీ పరువు. మేం మీ కోరలు ఎప్పుడన్నా చూశామా? తోక చూసే కదా వణికేది. తోక లేని పిల్లిని ఎవరు లెక్కచేస్తారు, కుందేలనుకుంటారు. కదలకుండా పడుకోండి, తోక అలాగే వేలాడనివ్వండి. నలభై రోజుల్లో అదే అతుక్కుంటుంది. అది కనిపించినన్నాళ్లు మా వాళ్లలో ఒక్కడు గడప దాటడు. నాదీ పూచీ."

పిల్లికి ఎలుక సాక్ష్యం చెప్పడం మనం విన్నాం, పందికొక్కు పూచీ పడటం ఇక్కడే. నొప్పిలో ఉన్న ప్రాణికి నచ్చిన మాట చెప్పినవాడే వైద్యుడు. గోరింట కళ్లు మూసుకుని అలాగే పడుకుంది.

తవ్వన్న లోపలికి పోయి తన వాళ్లతో అన్నాడు. "తోక కదలనంతవరకు తల్లి దూకలేదు. దర్జాగా పొండి. వెనక బస్తాతో మొదలుపెట్టండి."

వారం గడిచింది. పెట్ట గది లోపలికి తొంగి చూసి, అటక కేసి మెడ ఎత్తింది.

"వదినా, గోడవార బస్తా నడుం వంగింది. చూశావా?"

"తవ్వన్న పూచీ పడ్డాడు."

"పడ్డాడు, ఎక్కడ పడ్డాడో కూడా చూడు. బస్తా మీద పడ్డాడు. ఇంకో మాట చెప్తే తిడతావు."

"చెప్పు."

"నీ దగ్గర వాసనొస్తోంది."

గోరింట తిట్టలేదు. ఆ వాసన దానికి రెండు రోజులుగా తెలుసు. తెలిసినా నాకుతూ కూర్చుంది. ఒళ్లు కాలిపోతోంది, పాలు సయించడం లేదు. అంతలో ఇంటావిడ సూరమ్మ గదిలోకొచ్చింది. వంగిన బస్తాను తట్టి, అటక వైపు చూసి, "తినడం ఒకటి, పడుకోవడం ఒకటి. వాన పడేలోగా దీన్ని గంపలో పెట్టి ఏటి అవతల వదిలేసి, చాకులాంటి ఇంకో పిల్లిని తేవాల్సిందే" అనుకుంటూ వెళ్లింది.

గోరింట చెవులు వెనక్కి వాలిపోయాయి. పుట్టిన గది అది.

మైలెద్దు ఈ మాట విన్నాడు. మర్నాడు కాలవకి నీళ్లు తాగడానికి పోయినప్పుడు ఒడ్డున ఉన్న, వైద్యం తెలిసిన ముసలి ఎండ్రకాయని బతిమాలి, మూపురం మీద ఎక్కించుకుని తీసుకొచ్చాడు. ఎండ్రకాయకి ముందు కత్తెరల్లాంటి డెక్కలు రెండు, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. పక్కవాటంగా నడుచుకుంటూ గదిలోకొచ్చాడు. గోరింట కిందికి దిగింది. దిగింది అనడం కన్నా జారింది అనాలి.

ఎండ్రకాయ తోక కొస పట్టుకున్నాడు. "నొప్పా?"

"లేదు తాతా."

కొంచెం పైన. "ఇక్కడ?"

"లేదు."

ఇంకా పైన, మొదలుకి బెత్తెడు దూరంలో నొక్కాడు. గోరింట కెవ్వుమని గోళ్లు బయటపెట్టింది.

"బాగుంది. ఇక్కడ ప్రాణం ఉంది. నొప్పి ఉన్నచోట నాకు భయం లేదమ్మా, లేనిచోటే భయం. ఆ కింద ఉన్నది నీ తోక కాదు, నీకు తగులుకున్న శవం. రోజుకో వేలెడు పైకి పాకుతోంది. నడుముకి చేరితే నా వల్ల కాదు, ఎవరి వల్లా కాదు."

"కోసేస్తే నన్నెవరు లెక్కచేస్తారు? తవ్వన్న అన్నాడు..."

"పందికొక్కుని అడిగావా, పిల్లి తోక ఉంచాలా తీయాలా అని?" ఎండ్రకాయ నవ్వాడు. "ఇదుగో, నా చిన్న డెక్క చూశావా. ఒకసారి కొంగ పట్టుకుంది పాత డెక్కని. వదిలేసి నీళ్లలోకి జారుకున్నాను. మా తమ్ముడి డెక్క కూడా పట్టుకుంది. వాడు డెక్క నాదే అని పట్టుదలకి పోయాడు. డెక్కతో సహా కొంగ కడుపులోకి పోయాడు."

"నీకు మళ్లీ మొలిచింది తాతా. నాకు మొలవదు."

"మొలవదు," అన్నాడు ఎండ్రకాయ. "అబద్ధం చెప్పను. మొలవదు."

గోరింట వెనక్కి తిరిగి తోకను అతని ముందు పెట్టింది. నాకు ఈ చోటే ఇప్పటికీ ఆశ్చర్యం. అతుక్కుంటుందని చెప్పినవాడి మాట విని వారం రోజులు కుళ్లింది. మొలవదని చెప్పినవాడికి తోక అప్పగించింది. "మామా, నువ్వు కాస్త ఇటు రా" అని మైలెద్దును పిలిచి, అతని గిట్ట మీద తల పెట్టుకుంది. మైలెద్దు కదల్లేదు, ఈగ వాలినా చెవి ఆడించలేదు. పెట్ట మాత్రం అటు తిరిగి, "నేను చూడను, అయ్యాక చెప్పండి" అంది.

పెద్ద డెక్క ఒక్కసారి మూసుకుంది.

గాయపాకు నమిలి పసరు పెట్టారు. రెండు రోజులకి జ్వరం దిగింది. మూడో రోజు గోరింట పాలగిన్నె ఖాళీ చేసి, ఇంకా ఉందా అన్నట్టు పెట్ట వైపు చూసింది.

"ఆ తోకని కాలవలో పారేస్తాను," అన్నాడు మైలెద్దు.

"ఉంచు మామా. బూడిదలో దొర్లించి ఎండలో పెట్టు."

"ఎందుకమ్మడూ? వదిలేశావనుకున్నాను."

"వదిలేశాను గనకే. నాకు పనికిరానిది తవ్వన్నకి పనికొస్తుందేమో చూద్దాం. అంత ప్రేమ చూపించాడు కదా."

రెండు ఎండలకి తోక శుభ్రంగా ఆరింది. పెట్ట దాన్ని ముక్కున కరుచుకుని అటకెక్కి, ఆ రెండు చెక్కల సందులోనే దోపింది. "మా అత్త పోయినప్పుడు కూడా నేనింత జాగ్రత్త పడలేదు," అని గొణుక్కుంటూ దిగింది. గోరింట గోడవార బస్తా చాటున కూర్చుంది. ఒళ్లంతా బస్తా వెనక ఇమిడిపోయింది. బయటికి తొంగి చూసేది ఇప్పుడేమీ లేదు.

మిట్టమధ్యాహ్నం కాపు బయటికొచ్చి పైకి చూసింది. "వేలాడుతోంది పెద్దయ్యా. ఆడటం లేదు."

"బస్తాల పక్కన?"

"తోక లేదు."

"అయితే పిల్లి లేదు. రండి," అన్నాడు తవ్వన్న. బలగమంతా బారులు తీరి వచ్చింది. తవ్వన్న అందరికన్నా ముందు నడిచి, అటక కింద ఆగి, పైకి చూసి దణ్ణం పెట్టాడు. "ఎలా ఉన్నారు అమ్మగారూ? కదలకండి, కదలకండి. ఇంకో ముప్పై రోజులు."

"సరే తవ్వన్నా," అంది గోరింట, అతని వెనక నుంచి.

అతను తిరిగేలోపే మెడ పళ్ల మధ్య ఉంది. మిగతావి పరిగెత్తబోతే బొరియ మూతి మీద మైలెద్దు మూతి పెట్టి ఊదుతున్నాడు, కిటికీలోంచి వంగి. గడప మీద పెట్ట రెక్కలు విప్పుకుని నిలబడింది.

"ఇది అన్యాయం తల్లీ," అన్నాడు తవ్వన్న గిలగిలలాడుతూ. "మీరు పైన ఉన్నారు. నేను కళ్లారా చూశాను."

గోరింట అతన్ని పంజా కింద అదిమిపెట్టి నోరు విడిపించుకుంది. "ఉన్నాను. కిందా ఉన్నాను. నువ్వే కదా అన్నావు, తోకే నా పరువు అని. పరువు పైన పెట్టి పనికి కిందికొచ్చాను."

"మూడు తరాలుగా మా లెక్క తప్పలేదు."

"మూడు తరాలుగా నా తోకే మీకు కాపలా కాసిందని నాకూ ఇవాళే తెలిసింది. పొంచి ఉన్నప్పుడల్లా అదే మీకు కబురు చెప్పేది. నేను చక్రానికి దణ్ణం పెట్టాలో, నీకు పెట్టాలో తెలియడం లేదు."

"చంపేస్తావా?"

"నా పని విత్తనం కాయడం. తీసుకెళ్లిన కాయలన్నీ తెచ్చి బస్తాలో పొయ్యండి. పోసి, పొలిమేర దాటండి. ఒక్క కాయ తగ్గినా నువ్వు ఇక్కడే ఉంటావు, నా పంజా కింద."

పందికొక్కు తినేదానికన్నా దాచేదే ఎక్కువ అని పొలం పనులు తెలిసిన ఎవరినడిగినా చెప్తారు. కోతలయ్యాక బొరియలు తవ్వి గింజలు ఏరుకునేది అందుకే. ఆ మధ్యాహ్నం తవ్వక్కర్లేకపోయింది. బొరియలోంచి బస్తాకి, బస్తా నుంచి బొరియకి పందికొక్కుల బారు సాగింది. పెట్ట గడప మీద కూర్చుని, "ఆ బుగ్గలో ఇంకోటుంది, ఉమ్ము" అని ఒక్కొక్కదాన్నీ తనిఖీ చేసింది. పొద్దు వాలేసరికి వంగిన బస్తా నడుం నిటారుగా లేచింది.

సూరమ్మ వచ్చి చూసింది. నిండు బస్తాని చూసింది, పంజా కింద తవ్వన్నని చూసింది, మొండి తోక పిల్లిని చూసింది. లోపలికి వెళ్లి, మీగడతో సహా పాలు తెచ్చి పెట్టింది. నాలుగో రోజున తొలకరి పడింది. మైలెద్దు నాగలి లాగుతుంటే గోరింట గట్టు మీద నడిచింది, మొండి తోక నిక్కబొడుచుకుని. ఆ మాత్రానికే పొలంలో ఎలుకలు బొరియలు మూసుకున్నాయి.

చచ్చినదాన్ని వదులుకున్నవాడికి బలం మిగులుతుంది, దాన్నే నమ్ముకున్నవాడికి పరుగు మిగులుతుంది.

ఆ రోజు పంజా తీసి పొమ్మన్నప్పుడు తవ్వన్న బలగమంతా గడప దాటింది గానీ తను గది మధ్యలోనే ఆగిపోయాడు. గడపకి పోవాలంటే అటక నుంచి వేలాడే తోక కిందుగా పోవాలి. అటు చూశాడు, ఇటు చూశాడు, చివరికి గోరింటతో అన్నాడు.

"తల్లీ, అది ఎండిపోయిందని తెలుసు, నువ్వు ఇక్కడున్నావనీ తెలుసు. అయినా నా కాళ్లు కదలడం లేదు. కాస్త ఆ తోక తీయించు, వెళ్లిపోతాను."