తెర వెనక గొంతులు

ఏ కాలమో, ఏ దేశమో నన్నడక్కండి పిల్లలూ, నాకు చెప్పినవాళ్ళకే తెలీదు. ఒక రాజుండేవాడు, అది మాత్రం ఖాయం. ఆయన పేరు ధవళసేనుడు. తెల్లేరు అనే నది ఒడ్డున ఆయన నగరం. ఆయనకి ముగ్గురు కొడుకులు. పెద్దవాడికి గుర్రాలంటే ప్రాణం. రెండోవాడికి పొగడ్తలంటే ప్రాణం. మూడోవాడు నీలాంగుడికి, తనని పెంచిన దాది పోలమ్మ అంటే ప్రాణం. కన్నతల్లి పురిట్లోనే పోతే పోలమ్మే అతన్ని ఎత్తుకు పెంచింది. ఆమె గొంతు కాస్త బొంగురు. పొద్దున లేచింది మొదలు ఏదో ఒకటి సణుగుతూనే ఉండేది. ఆ సణుగుడు వినిపిస్తుంటేనే నీలాంగుడికి ఇల్లు ఇల్లులా ఉండేది.

ఆ దేశంలో శాసనం చెయ్యాలంటే ఒక పద్ధతుంది. కొలువు మధ్యలో మందపాటి తెర కడతారు. తెరకి ఇవతల రాజు కూర్చుంటాడు. అవతలకి జనం ఒక్కొక్కరే వచ్చి, శాసనం కావాలనో వద్దనో చెప్పి వెళ్తారు. రాజు గొంతు వింటాడే గానీ మొహం చూడడు. పట్టుబట్ట కట్టినవాడి మాటా, గోచీ పెట్టినవాడి మాటా ఒక్కటే కావాలని ముత్తాతగారు పెట్టిన నియమం అది. మూడు పున్నములు అలా విన్నాక, ఏ మాట ఎక్కువైతే ఆ మాటే చెల్లుతుంది. తెర మీద చెయ్యి వేసినవాడికి దేశబహిష్కారం. చూశారా, ఎంత మంచి పద్ధతో? మంచిదే. మంచివాళ్ళు కట్టిన తెర చాటునే చెడ్డవాడికి చోటు దొరికింది, అదీ కథ.

ఆ ఊళ్ళో పింగళాక్షుడనే మాంత్రికుడుండేవాడు. మాంత్రికుడంటే కోరలూ జడలూ అనుకునేరు. చక్కగా తల దువ్వుకుని, మెత్తటి చెప్పులేసుకుని, ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ "పిల్లలు బాగున్నారా?" అని పేరుపేరునా పలకరించేవాడు. ముగ్గురు పెద్ద వర్తకులు అతన్ని కుదుర్చుకున్నారు. తెల్లేటి నీళ్ళు ముట్టుకోవాలంటే తమ అనుమతి ఉండాలని శాసనం రావాలి, అదీ వాళ్ళ కోరిక. కడవ ముంచినా, మడికి పెట్టినా, బట్ట జాడించినా వాళ్ళనడగాల్సిందే.

పింగళాక్షుడు ఎవరితోనూ వాదించలేదు. రేవు దగ్గర పందిరేసి, వచ్చినవాళ్ళందరికీ వేడివేడి బూరెలు పెట్టించాడు. జనం తిన్నారు. పోలమ్మ కూడా ఒకటి తిని, పాకం ముదిరిందని సణిగింది. ఆమె సణిగిన ఆఖరి మాట అదే. మర్నాటికి ఆమె గొంతు పోయింది. ఆమెదే కాదు, ఏటి ఒడ్డున సగం మంది గొంతులు పోయాయి. వైద్యులు జలుబన్నారు, మిరియాల కషాయం ఇచ్చారు.

మొదటి పున్నమి అలాగే గడిచింది. రెండో పున్నమి నాడు పోలమ్మని వెంటబెట్టుకుని నీలాంగుడు కొలువు బయట వరసలో నిలబడ్డాడు. మూగవాళ్ళకి లోపల పనేమిటని భటులు ఆమెని పక్కకి నెట్టారు. అప్పుడు కిటికీలోంచి లోపలి గొంతు వినిపించింది. కాస్త బొంగురుగా ఉంది.

"శాసనం కావాలి మహారాజా. ఆ నీళ్ళు వర్తకుల చేతిలో ఉంటేనే మాకు క్షేమం."

నీలాంగుడు గిరుక్కున పక్కకి తిరిగాడు. అది పోలమ్మ గొంతు. పోలమ్మ మాత్రం అతని పక్కనే, రెండు చేతులతో గొంతు పట్టుకుని, కళ్ళు ఇంతలేసి చేసుకుని నిలబడి ఉంది. ఆ వెనకే చాకలి గొంతు కావాలంది, బెస్త గొంతు కావాలంది. వాళ్ళంతా బయటే ఉన్నారు. ఒకరి మొహాలొకరు చూసుకుంటున్నారు.

అతను తండ్రి దగ్గరికి పరుగెత్తాడు.

"నాన్నగారూ, అవతల ఉన్నది జనం కాదు. ఒక్కసారి తెర తీసి చూడండి."

"నా కొడుకువని నీ మాట వింటే నీ మొహం చూసినట్టే కదా నాయనా?" అన్నాడు రాజు. "ఆ పని నేనెప్పుడూ చెయ్యలేదు. ఏం చెప్పాలన్నా వరసలో వచ్చి తెర అవతల చెప్పు." ఆ మాట చెప్పేటప్పుడు ఆయన మొహంలో ఎంత గర్వమో.

అన్నల దగ్గరికి వెళ్ళి, గొంతులు పోయినవాళ్ళంతా పింగళాక్షుడి బూరెలు తిన్నవాళ్ళేనని చెప్పాడు. పెద్దన్న సంగతేమిటో కనుక్కొస్తానని పింగళాక్షుడింటికి వెళ్ళి, తెల్లగుర్రమెక్కి తిరిగొచ్చాడు. "శాసనం అంత చెడ్డదేం కాదురా" అన్నాడు. రెండో అన్న వెళ్ళి, వివేకచూడామణి అన్న బిరుదుతో తిరిగొచ్చాడు. "రెండు వైపులా ఆలోచించాలి తమ్ముడూ" అన్నాడు. చేసేదిలేక నీలాంగుడే వెళ్ళాడు.

"రండి రాకుమారా, మీకేం కావాలి?" అన్నాడు పింగళాక్షుడు, పీట వేస్తూ.

"నీ ప్రాణం ఎక్కడుందో కావాలి."

మాంత్రికుడు దాచలేదు. అదీ అతని ధీమా. "ఏడు సముద్రాల అవతల దీవిలో చిలక ఉంది. నా ప్రాణమూ దాన్లోనే, నేను సంపాదించిన గొంతులూ దాన్లోనే. వెళ్ళండి. మీరు తిరిగొచ్చేసరికి మూడో పున్నమి దాటిపోతుంది. శాసనం అయిపోయాక ఆ గొంతులు నాకెందుకు? గాలికొదిలేస్తాను." ఇలా చెప్పి, దారిలో తినమని బూరెలు మూట కట్టివ్వబోయాడు. నీలాంగుడు ముట్టుకోలేదు.

ఇంట్లో బెల్లమూ అటుకులూ మూట కట్టుకుని, పరుగు పరుగున సముద్రం ఒడ్డుకి చేరాడు. అక్కడ ముసలి మొసలి ఎండ కాచుకుంటోంది.

"దీవి దాకా దిగబెడతాను. నువ్వు రాజువయ్యాక, ఏటి మొగలో ఎవరూ వల వెయ్యకూడదని శాసనం చేస్తావా?"

నీలాంగుడికి బెస్తలు గుర్తొచ్చారు. "శాసనం నాది కాదు మొసలి తాతా, నేనివ్వలేను. నాదైనదేదన్నా అడుగు."

మొసలి ఆవులించింది. దాని పళ్ళ సందుల్లో ఏనాటి ఎముకలో ఇరుక్కుని ఉన్నాయి. నీలాంగుడు ఆ నోట్లో తల పెట్టి ఒక్కో ముక్కే పీకాడు. ఎప్పుడు నోరు మూసేస్తుందోనని భయంగానే ఉంది. అంతకంటే భయం, ఆకాశంలో నెలవంక సన్నగా తేలడం. ఆ పనికే చాలా పొద్దు పోయింది. అప్పుడు మొసలి అతన్ని వీపు మీద ఎక్కించుకుని ఏడు సముద్రాలూ దాటించింది. "తిరుగు ప్రయాణం మాట అనుకోలేదు కదా" అని నీళ్ళలో మునిగిపోయింది.

దీవి మధ్య పంజరం ఉంది. దాని తీగలు కత్తికి తెగవు, రాతికి విరగవు. పక్కన పుట్టలోంచి చీమల దొరసాని తల బయటపెట్టింది.

"మేం కొరికిపెడతాం. పుట్టలున్న చోట నాగలి పెట్టకూడదని శాసనం చేస్తావా?"

"అది నాది కాదు తల్లీ. నాదైనదేదన్నా అడుగు."

"అయితే నీ మూటలో బెల్లమూ అటుకులూ ఇచ్చెయ్."

ఇచ్చేసి, ఆకలితో కడుపు పట్టుకుని కూర్చున్నాడు. చీమలు తీగలు కొరుకుతూనే ఉన్నాయి. అర్ధచంద్రుడు కాస్తా ఉబ్బి గుండ్రమవుతున్నాడు. మనం చంద్రుణ్ణి చూసి చందమామ రావే అంటాం గానీ, ఆ చంద్రుణ్ణి చూస్తే నీలాంగుడికి ఏడుపొచ్చేది. ఆఖరికి తీగ తెగింది. చిలక చేతికొచ్చింది. దాని మెడకొక పట్టుదారం కట్టి ఉంది.

"దారం తెంపితే గొంతులన్నీ బయటికొస్తాయి" అంది చిలక. "ఇక్కడ తెంపావో, సముద్రం మీద దారి తప్పి పోతాయి. వాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి తెంపాలి."

తీసుకెళ్ళడమెలా? మొసలి లేదు, పడవ లేదు. ఆ సాయంత్రమే పున్నమి. కొండ కొమ్మున పెద్ద డేగ గూడు కట్టుకుని ఉంది. నీలాంగుడు పాకుతూ పైకెక్కి చేతులు జోడించాడు.

"చంద్రుడు పొడిచేలోపు నిన్ను మీ కొలువులో దింపుతాను" అంది డేగ. "మీ ఊరి దగ్గర తేనెకొండ ఉంది చూడు, దాన్ని నాకు రాసివ్వాలి. నా పిల్లల్ని అక్కడ పెంచుకుంటాను. మనిషన్నవాడు అడుగుపెట్టకూడదు."

తేనెకొండ మీద తేనె పట్టేవాళ్ళ పల్లె ఉంది. వాళ్ళకి ఆ కొండే తిండి. నీలాంగుడికి అది తెలుసు. నాది కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. గొంతు పట్టుకుని నిలబడ్డ పోలమ్మ కళ్ళ ముందు మెదిలింది. పొద్దు పడమటికి జారుతోంది.

"సరే" అన్నాడు.

చేతిలో చిలక నవ్వింది. "పింగళాక్షుడు కూడా మొదట ఒక్క సరేతోనే మొదలుపెట్టాడు" అంది.

డేగ అతన్ని ఎత్తుకుని గాల్లోకి లేచింది. సముద్రం పొడుగునా, ఆకలి మర్చిపోయి, ఆ ఒక్క మాటే నమిలాడు.

ఇక్కడ కొలువులో పింగళాక్షుడు తెర అవతల ఒక్కడే కూర్చుని, తలుపు మూయించి, ఒక గొంతు తరవాత ఒక గొంతు మార్చి మాట్లాడుతున్నాడు. లెక్క దాదాపు పూర్తయింది. దండోరా వాడు డప్పు కాచుకుని గుమ్మంలో సిద్ధంగా ఉన్నాడు. అంతలో మండువా నడిమి ఆకాశం చీకటైంది. డేగ రెక్క ముడిచి నీలాంగుణ్ణి సరిగ్గా తెర ముందు వదిలింది.

"ముట్టుకోకు నాయనా, బహిష్కారం" అని రాజు లేచి నిలబడ్డాడు.

నీలాంగుడు చిలకని చంకలో ఇరికించుకున్నాడు. రెండు చేతులతో తెర పట్టి కిందికి లాగాడు.

అవతల జనం లేరు. మెత్తటి చెప్పుల మనిషి ఒక్కడే, పోలమ్మ గొంతుతో "కావాలి మహారాజా" అంటూ, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు. రాజు ఆ ఖాళీ చోటు కేసి చూసి, సింహాసనం చెయ్యి పట్టుకుని కూలబడ్డాడు. నీలాంగుడు చిలక మెడలో దారం తెంపాడు. గొంతులు గుంపుగా లేచి, తలుపు తోసుకుని బయటికి పోయాయి. ఒక్కొక్క గొంతూ పోతుంటే పింగళాక్షుడు ఒక్కొక్క పిసరు తరిగిపోయాడు. ఆఖరికి చెప్పులు మిగిలాయి. ముగ్గురు వర్తకులూ "మేమతన్ని కుదుర్చుకున్నాం గానీ, ఎలా చేస్తాడో మేమడగలేదు" అని మర్యాదగా దణ్ణం పెట్టి ఇంటికి వెళ్ళారు. ఇంకోణ్ణి వెతుక్కునే ఉంటారు, నేను చూడలేదు.

"నియమం నియమమే" అన్నాడు రాజు, కళ్ళ నీళ్ళతో. "తెర ముట్టావు. నిన్ను పంపెయ్యాలి."

"వద్దు మహారాజా" అంది బయటి నుంచి బొంగురు గొంతొకటి. ఆ వెనకే చాకలి వద్దన్నాడు, బెస్త వద్దన్నాడు, ఏటి ఒడ్డంతా వద్దంది. నీటి శాసనమూ వద్దు, బహిష్కారమూ వద్దు. పోలమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చి, నీలాంగుడి బుగ్గలు తడిమి, "ఎంత చిక్కిపోయావురా నాయనా, అక్కడ అన్నం పెట్టే దిక్కే లేదా" అంది. అతను ఆమె భుజం మీద తల పెట్టి ఏడ్చేశాడు.

ధవళసేనుడు సిగ్గుపడి కిరీటం దించాడు. జనం నీలాంగుణ్ణి కోరుకున్నారు. కొత్త రాజు తెర కట్టించలేదు. రాజు మొహం వాళ్ళు, వాళ్ళ మొహాలు రాజు చూస్తుండగానే కొలువు. అయినా అతనికి కంటి మీద కునుకు లేదు. రెక్కల చప్పుడైతే చాలు, ఉలిక్కిపడేవాడు.

ఒకరోజు నిండు కొలువులో డేగ వచ్చి వాలింది. "కొండ ఏది?"

తేనె పట్టేవాళ్ళు ఆ సంగతి విని పరుగున వచ్చారు. వాళ్ళ పెద్దమనిషి కూతురు సింగారి ముందుకొచ్చి అడిగింది. "మా కొండ ఇస్తానన్నప్పుడు ఎవర్నడిగావయ్యా?"

అబద్ధం చెప్పడానికి వీలుంది. డేగ మాటకి సాక్షి లేడు. నీలాంగుడు సింహాసనం దిగి నిలబడ్డాడు. "ఎవర్నీ అడగలేదు. పోలమ్మ గొంతు కోసం మీ అన్నం రాసిచ్చేశాను. తప్పు చేశాను. కొండ ఇవ్వలేను."

"మాట తప్పే రాజువన్నమాట" అంది డేగ.

"అవును. నిన్నూ మోసం చేశాను. నాదైనదేదన్నా అడుగు, కాదనను."

డేగ అతన్ని ఎగాదిగా చూసింది. "ఏడు సముద్రాలు నిన్ను మోశాను. ఏటేటా నా పిల్లలకి రెక్కలొచ్చేదాకా నువ్వు మేత మొయ్యి. కొండ కింద నుంచి గూటి దాకా, నీ వీపు మీద, ఒక్కడివే."

"గూడు ఏ కొమ్మున పెట్టాలో మాతో చెప్పి పెట్టుకుంటే మాకేం అడ్డం లేదు" అంది సింగారి. అలా కుదిరింది.

మొదటి ఏడు రాజు మాంసం బుట్ట మోస్తూ జారిపడ్డాడు. రెండో ఏడు సింగారి అతనికి తాడు పట్టుకుని కొండెక్కడం నేర్పింది. మూడో ఏడు పెళ్ళి. ఊరంతా బూరెలు తింది, ఎవరి గొంతూ పోలేదు. నీలాంగుడు చాలా ఏళ్ళు రాజ్యం చేశాడు. డేగ పిల్లల కాలంలో మాత్రం రాజెక్కడంటే కొండ మీదున్నాడని చెప్పేవాళ్ళు.

ఒకనాడు అతను భోంచేస్తుంటే పోలమ్మ నెయ్యి వడ్డిస్తూ, "మా తమ్ముడి కొడుకు ఈరిగాడికి రేవు కావలి పని రాసియ్యకూడదూ, నీ నోటి మాట చాలు కదా నాయనా" అంది.

అతని చెయ్యి కంచంలో ఆగిపోయింది.

"అమ్మా, రేపు కొలువుకొచ్చి, అందరి ముందూ అడుగు" అన్నాడు.

పోలమ్మ నెయ్యి గిన్నె ఠక్కున కింద పెట్టింది. పాలిచ్చి పెంచితే వరసలో నిలబెడతాడట, కాళ్ళు నొప్పులని కూడా చూడడట అని సణుగుతూ వెళ్ళిపోయింది. ఆ సణుగుడు వంటింటి దాకా, పెరటి దాకా వినిపిస్తూనే ఉంది. నీలాంగుడు అది వింటూ అన్నం తిన్నాడు. మర్నాడు పొద్దున్నే ఆమె వెళ్ళి వరసలో నిలబడింది.