గడియగిన్నె మునిగాక

ఒకానొక రాజ్యంలో రాజుగారికి తెలియని విషయమంటూ లేదు. ఈ మాట ఊళ్ళోవాళ్ళు అన్నది కాదు, ఉద్దండవర్మ మహారాజు తన గురించి తానే చెప్పుకున్నది.

ఆ రాజ్యపు విద్యాపీఠంలో ఒక ఆచార్య పదవి ఖాళీ అయింది. అందులో కుదురుకున్నవాణ్ణి ఇక బతికినంతకాలం కదిలించేవాడు ఉండడు. ఇంకేం, నాలుగు దిక్కుల నుంచీ పండితులు పొలోమంటూ వచ్చిపడ్డారు. రాసిన గ్రంథాల జాబితా, ముగ్గురు పెద్దల మెప్పు లేఖలు తాటాకుల మీద రాయించి తెచ్చారు. చివరి పరీక్ష మాత్రం సభలో ఉపన్యాసం. నీళ్ళ తొట్టిలో అడుగున చిల్లు ఉన్న రాగి గిన్నె వదులుతారు. అది నిండి మునిగేసరికి ఒక గడియ. ఆలోపు చెప్పవలసింది చెప్పెయ్యాలి. గిన్నె మునిగి గంట మోగాక అభ్యర్థి ఒక్క మాట మాట్లాడినా పొలిమేర దాటిస్తామని రాజుగారే సభామందిరం గోడ మీద శాసనం చెక్కించారు. పండితులకు మొదలుపెట్టడమే గానీ ఆపడం రాదని ఆయన అనుభవం.

తీరా చూస్తే గడియ దాకా నిలిచినవాడే లేడు. పదకొండుమంది వచ్చారు. ఎవరు నోరు తెరిచినా రాజుగారు చెయ్యెత్తి, "ఇది మాకు తెలుసు. తెలిసింది చెప్పేవాడు మాకెందుకు?" అనేవారు. పక్కనుంచి ప్రధానాచార్యులు విశ్వపతి భట్టు, "చిత్తం, నాకూ తెలుసు" అనేవారు. అంతటితో సరి.

పన్నెండోవాడు ఓంకారయ్య. కంచరి ఇంట్లో పుట్టి, రాగిరేకులు సాగగొడుతూనే శాస్త్రాలు చదువుకున్నాడు. తొమ్మిదేళ్ళుగా ఆ పీఠంలోనే ఏ ఆచార్యుడికి జ్వరమొస్తే ఆ పూటకు పాఠం చెబుతున్నాడు. ఆయన కోలుకోగానే ఇతని పని ఆఖరు. వేరే పీఠాలకు రాసుకుంటే, "తమ పాండిత్యం మాకెంతో నచ్చింది, అయినప్పటికీ" అంటూ జవాబులు వచ్చేవి.

"ఈసారీ కాకపోతే కొలిమి రాజేసుకుందాం లెండి. ఆశపడి ఆశపడి చిక్కిపోతున్నారు" అంది భార్య, బయల్దేరేటప్పుడు. కొలిమి అంటే అతనికి చిన్నచూపేమీ లేదు. కానీ పాఠం చెప్పకుండా బతకడం తన వల్ల కాదని అతనికి తెలుసు. సంచి భుజాన వేసుకుని సభలో అడుగుపెట్టాడు.

"దేని గురించయ్యా నీ ఉపన్యాసం?" అన్నారు రాజుగారు.

"ఈ గడియగిన్నె గురించే, మహాప్రభూ."

"దాని కొలతలు నిర్ణయించిందే మేము. అది మాకు తెలుసు!"

"తమకు తెలుసు కనకే నేను చెప్పడానికి రాలేదు ప్రభూ, అడగడానికి వచ్చాను."

ఓంకారయ్య సంచిలోంచి అచ్చం అలాంటి గిన్నెనే తీశాడు. పక్కన ఇంకో తొట్టి పెట్టించి, నీళ్ళు పోయించి, రెండు గిన్నెలూ ఒక్కసారే వదిలాడు.

"వీటిలో ఏది ముందు మునుగుతుంది?"

"రెండూ ఒకటే కొలతైతే రెండూ ఒకేసారి మునుగుతాయి. ఇదీ ఒక ప్రశ్నేనా?"

"చిత్తం, నాకూ తెలుసు" అన్నారు భట్టుగారు.

ఓంకారయ్య తొట్ల వైపు చెయ్యి చూపించాడు. సభంతా గిన్నెల వంక చూస్తూ కూర్చుంది. కాసేపయ్యాక అతని గిన్నె తొందరపడుతున్నట్టు కనిపించింది. రాజుగారు ముందుకు వంగారు. పీఠం గిన్నె అంచు ఇంకా పైకి ఉండగానే రెండోది బుడుంగున మునిగింది.

"నీ గిన్నె చిల్లు పెద్దది!"

"కొలిపించండి ప్రభూ."

పీఠం గిన్నెకు చిల్లు పొడిచిన బంగారు సూదినే తెప్పించారు. ఓంకారయ్య గిన్నె చిల్లులో అది సరిగ్గా పట్టింది. రాజుగారు సింహాసనం దిగి వచ్చారు. గిన్నెను తిప్పి తిప్పి చూశారు. తొట్టిలో చెయ్యి పెట్టారు.

"నీళ్ళు వెచ్చగా ఉన్నాయే! అంటే వేడినీళ్ళలో తొందరగా మునుగుతుందా? అయితే ఎండాకాలం గడియా, చలికాలం గడియా ఒకటి కావన్నమాట! ఎందుకయ్యా?"

ఖంగుమని గంట మోగింది. పీఠం గిన్నె కూడా మునిగిపోయింది.

ఓంకారయ్య నోరు బిగించి చేతులు జోడించాడు.

"చెప్పవయ్యా!"

అతను గోడ మీది శాసనం చూపించాడు. రాజుగారికి ఒళ్ళు మండింది. తాను చెక్కించిన శాసనం తానే తప్పితే పరువేం కాను? భట్టుగారి వైపు తిరిగారు.

"మీకు తెలుసన్నారుగా, మీరు చెప్పండి."

భట్టుగారు ఉత్తరీయంతో చెమట తుడుచుకున్నారు. "అది... నీటి స్వభావం ప్రభూ."

"స్వభావం సరే, ఎందుకు?"

భట్టుగారు ఉత్తరీయం సర్దుకుంటూ రెండడుగులు వెనక్కి వేశారు. అప్పుడు ఓంకారయ్య మారు మాట్లాడకుండా ఖాళీగా ఉన్న ఆచార్య పీఠం వైపు వేలు చూపించాడు. అభ్యర్థి మాట్లాడకూడదు గానీ ఆచార్యుడికి అడ్డేముంది!

రాజుగారు పకపకా నవ్వారు. "ఓరి గడుసువాడా! రాయండయ్యా నియామకపత్రం. మొదటి ఆరేళ్ళూ పరీక్షాకాలం, పనికొస్తావని తేలితే ఆపైన శాశ్వతం. ఇక కూర్చుని చెప్పు, ఎందుకు?"

ఓంకారయ్య పీఠం మీద కూర్చున్నాడు. తొమ్మిదేళ్ళలో ఆ సభలో కూర్చోవడం అదే మొదలు. కళ్ళు చెమర్చాయి.

"నాకు తెలియదు ప్రభూ" అన్నాడు.

సభ మొత్తం గతుక్కుమంది.

"అచ్చంగా తెలియదు. జ్వరాలొచ్చినవారి పాఠాలతోనే పొద్దు గడిచిపోయేది, తేల్చుకునే తీరిక చిక్కలేదు. తమరిచ్చిన ఆరేళ్ళూ దానికే వాడతాను."

రాజుగారు కిరీటం జారేంతగా నవ్వి, భుజం మీది శాలువా తీసి స్వయంగా కప్పారు.

"ఆరేళ్ళు మేము ఆగలేమయ్యా" అంటూ తొట్టి పక్కనే నేల మీద చతికిలబడ్డారు. "ఎవరక్కడ? బావిలోంచి చన్నీళ్ళు తోడుకు రండి. ఆచార్యులవారు ఇంకోసారి గిన్నె వదులుతారు."