కాపలా కుక్కకి ఒళ్ళు పట్టిన నక్క

కొండ దిగువన గవరయ్య అనే రైతుకి ఒక పశువుల పాక ఉంది. అందులో ఎవరి పని వాళ్ళది. ఎద్దు దున్నాలి, గేదె పాలివ్వాలి, కోళ్ళు గుడ్లు పెట్టాలి, కుక్క కాపలా కాయాలి. పని చేసినన్నాళ్ళే తిండి. ఈ సంగతి తెలియని ప్రాణి ఆ పాకలో లేదు.

కుక్క పేరు వీరన్న. పదేళ్ళ వయసు. మొన్నటి చలికాలంలో అతనికి కుడి తుంటి పట్టేసింది. లేవబోతే ముందుకాళ్ళు రెండూ వెంటనే లేచేవి, వెనకకాళ్ళు మాత్రం కాసేపు ఆలోచించుకుని లేచేవి. ఆ ఆలోచన పూర్తయ్యేలోగా అడవిపిల్లి వచ్చి రెండు కోళ్ళను ఎత్తుకుపోయింది.

గవరయ్య కర్ర నేలకి తాటించి చెప్పాడు. "ఇంకొక్క కోడి పోయిందంటే ఈ ముసలి కుక్కని ఏటవతల వదిలేసి, కుర్ర కుక్కని తెచ్చుకుంటాను."

ఆ మాట వీరన్న విన్నాడు. ఏటవతల చింతతోపులో ఉండే ఊరకుక్కల గుంపు కొత్తగా వచ్చిన ముసలి కుక్కని ఎన్నాళ్ళు బతకనిస్తుందో అతనికి తెలుసు. మర్నాడు తెల్లవారగానే కుంటుకుంటూ కొండెక్కాడు.

కొండ మీద వాగు పక్కన నున్నటి బండ ఒకటుంది. కాలు బెణికినవాళ్ళు, మెడ పట్టేసినవాళ్ళు పొద్దున్నే అక్కడ చేరతారు. గున్నమ్మ అనే కొండముచ్చు వాళ్ళకి ఒళ్ళు పడుతుంది. వావిలాకు వేసి కాచిన నువ్వులనూనె, పొడుగాటి వేళ్ళు, తొందర లేని మనసు, ఇవే ఆమె సరంజామా. గుప్పెడు నానిన ఉలవలు ఇస్తే చాలు, ఇవ్వకపోయినా అడగదు.

"ఎక్కడ నొప్పి, వీరన్నా?"

"నడుము, తుంటి, కాలు. తోక తప్ప అన్నీ నొప్పే."

"ఆ తోక కూడా ఆడించడం మానేశావట!"

"ఎవరిని చూసి ఆడించమంటావు?"

గున్నమ్మ నవ్వలేదు. ముందు అతని ఒళ్ళంతా అరచేత్తో తడిమి వేడి ఎక్కడుందో, గట్టిదనం ఎక్కడుందో చూసింది. తర్వాత నూనె రాసి, తుంటి చుట్టూ మెల్లగా పట్టింది. చివర్లో వాగు దాకా నడిపించి తీసుకొచ్చింది.

"పదిహేను రోజులు రావాలి. తెల్లారే రావాలి, గవరయ్య పాకలో పాలు పితికే వేళ."

"రోజూ కొండెక్కడం నా వల్ల కాదమ్మా. మధ్యాహ్నం నువ్వే పాకకి రారాదూ?"

"రాను. కాపలాలో ఉన్నవాడి ఒంటి మీద చెయ్యి వెయ్యను. ఒళ్ళు పట్టించుకున్నవాడికి నిద్ర ముంచుకొస్తుంది. నీ నొప్పి తగ్గించబోయి నీ కొలువు ఊడగొట్టమంటావా?"

నూనెగిన్నె పట్టుకుని పక్కన నిలబడిన జోగులు ఈ మాటలన్నీ విన్నాడు. జోగులు నక్క. రెండు నెలలుగా గున్నమ్మ దగ్గర పని నేర్చుకుంటున్నాడు. చెయ్యి మంచిదని ఆమే ఒప్పుకుంది. నరం ఎక్కడుందో, కండ ఎక్కడ ముడిపడిందో వాడికి ఇట్టే తెలిసేది. నిద్ర సంగతి మాత్రం ఆ రోజే కొత్తగా తెలిసినట్టు చెవులు నిక్కబొడుచుకున్నాడు.

వీరన్న రెండు రోజులు కొండెక్కాడు. మూడో రోజు బద్ధకించాడు. నాలుగో రోజు మిట్టమధ్యాహ్నం, గవరయ్య ఇంట్లో కునుకు తీస్తున్న వేళ, జోగులు నూనెగిన్నెతో పాక ముందు ప్రత్యక్షమయ్యాడు.

వీరన్న గుర్రుమన్నాడు. "ఆగు. గున్నమ్మ పంపిందా?"

"ఆమె పంపితే రావడానికి నేనేమైనా జీతగాణ్ణా మామా? నువ్వు రెండు రోజులుగా రాకపోతే మనసాగక వచ్చాను."

"నక్కకి మనసా?"

"నక్కకి మనసు లేదనుకో. చెయ్యి ఉందా లేదా? నీకు కావలసింది చెయ్యేగా!"

గంప కింద కోళ్ళు కలవరపడ్డాయి. గద్ద భయం వల్ల మధ్యాహ్నం పూట గవరయ్య కోళ్ళన్నిటినీ పెద్ద గంప కింద మూసి, పైన బరువుకి ఒక రాయి పెడతాడు. ఆ గంప సందులోంచి గౌరమ్మ అనే పెట్ట ముక్కు బయటపెట్టింది.

"వీరన్న బాబాయ్, ఆ నక్క ఎందుకొచ్చింది?"

"వైద్యానికి."

"ఎవరి వైద్యానికి? నీకా, మాకా?"

"నోరు మూసుకో. కాపలా నీదా, నాదా?" అన్నాడు వీరన్న. తర్వాత జోగులు వైపు తిరిగాడు. "గంప వైపు చూశావంటే పీక కొరుకుతాను."

"నా చూపు నీ తుంటి దాటితే ఒట్టు" అన్నాడు జోగులు.

పట్టడం మొదలుపెట్టాడు. పని మాత్రం కల్తీ లేకుండా చేశాడు. దగ్గరికి రానివ్వాలంటే నమ్మకం కుదరాలి, నమ్మకం కుదరాలంటే నొప్పి తగ్గాలి. అందుకే గున్నమ్మ ఎక్కడ ఎంత ఒత్తుతుందో అక్కడ అంతే ఒత్తాడు. తుంటి నుంచి మోకాలి దాకా మెల్లగా జారుస్తూ తీశాడు. వీరన్న వద్దనుకుంటూనే కళ్ళు మూశాడు. మెలకువ వచ్చేసరికి పొద్దు వాలింది. గబగబా కోళ్ళు లెక్కపెట్టుకున్నాడు. ఎనిమిది. అన్నీ ఉన్నాయి.

'పాపం, వాడు అనుకున్నంత చెడ్డవాడు కాదు' అనుకున్నాడు. కాపలావాడు అనుకోకూడని మాట అది.

రెండో రోజూ అంతే. అనుమానం మరికాస్త తగ్గింది, నిద్ర మరికాస్త పెరిగింది.

మూడో రోజు ఒక ఈగ వీరన్న ముక్కు మీద వాలింది. కన్ను సగం తెరుచుకుంది. ఆ సగం కంటికి కనిపించింది ఏమిటంటే, జోగులు గంప దగ్గర నిలబడి, పైనున్న రాయిని రెండు ముందుకాళ్ళతో పక్కకి జరిపి మళ్ళీ యథాస్థానంలో పెడుతున్నాడు. బరువు చూసుకుంటున్నాడన్నమాట. కోళ్ళు భయంతో ముద్దగా ఒదిగాయి.

"ఎనిమిది. నోట్లో ఒకటి కంటే పట్టదు. రేపు గోతం తెచ్చుకోవాలి" అని గొణుక్కుని, జోగులు వెనక్కి వచ్చాడు. వీరన్న చెవి దగ్గర వంగి "మామా" అని మెల్లగా పిలిచాడు. వీరన్న పలకలేదు. నిద్రలో ఉండి కాదు, సిగ్గుతో.

నక్క వెళ్ళిపోయాక వీరన్న ఎద్దు దగ్గరికి వెళ్ళి కూలబడ్డాడు. ఎద్దు పేరు పుల్లన్న. పదిహేనేళ్ళుగా అదే కొట్టంలో ఉన్నాడు. మాట తక్కువ.

"తాతా, నేను చెడిపోయాను."

"మూడు రోజుల నుంచి చూస్తూనే ఉన్నాను" అన్నాడు పుల్లన్న, నెమరు ఆపకుండా.

"చూసి కూడా చెప్పలేదేం?"

"నిద్రపోయేవాడికి ఎలా చెప్పను? లేచాక చెబుదామంటే, లేవగానే ఆ నక్కని పొగడ్డం మొదలుపెట్టేవాడివి."

వీరన్న తల దించుకున్నాడు. "రేపు గుమ్మంలోనే తరిమేస్తాను."

"ఈ కాలితోనా? నువ్వు లేచేసరికి వాడు కొండెక్కి కూర్చుంటాడు. ఎల్లుండి ఇంకో దారిన వస్తాడు." పుల్లన్న నెమరు మింగి మళ్ళీ అన్నాడు. "వైద్యం చెయ్యడానికే వచ్చాడు కదా వాడు! చెయ్యనీ వైద్యం. పొద్దుటి నుంచి దున్నిన ఎద్దుని సాయంత్రం పోట్లాటకి పిలిస్తే ఏమవుతుంది?"

"మోకాళ్ళ మీద పడుతుంది."

"వాడూ అంతే. వాడి దగ్గరున్న బలమంతా ముందుకాళ్ళలోనే ఉంది. ముందు దాన్ని ఖర్చు పెట్టిద్దాం."

మర్నాడు మధ్యాహ్నం జోగులు నూనెగిన్నెతో పాటు గోతం కూడా తెచ్చాడు.

"గోతం ఎందుకు అల్లుడూ?"

"మోకాళ్ళ కింద వేసుకోవడానికి మామా. మీ నేల గట్టిది."

"మంచిది. అయితే ఇవాళ నా వంతు ఆఖరిది. పెద్దవాళ్ళు ఉండగా ముందు నేను పట్టించుకుంటే బాగుండదు. పుల్లన్న తాత మెడ చూడు."

జోగులు ఎద్దు మెడ చూశాడు. పదిహేనేళ్ళు కాడి మోసిన మెడ. కాయకాసి చెక్కలా ఉంది. "ఎద్దులకి పట్టడం నేను నేర్చుకోలేదు మామా" అని నసిగాడు.

"అదేమిటి? వైద్యుడికి కుక్కనీ ఎద్దనీ తేడా లేదని గున్నమ్మ చెబుతుందే! ఆమె దగ్గర నేర్చుకున్నది నిజమేనా? ఉండు, సాయంత్రం కొండెక్కి అడుగుతాను."

"వద్దొద్దు, పడతాను" అని జోగులు ఎద్దు వీపు మీద గోతం పరిచి ఎక్కాడు. ఎనిమిది కోళ్ళ కోసం ఒక మెడ ఎంత అనుకున్నాడు.

కాసేపటికి పుల్లన్న అడిగాడు. "మొదలుపెట్టావా నాయనా?"

"అప్పుడే సగం అయింది తాతా!"

"అవునా? ఈగ వాలిందేమో అనుకున్నాను. కాస్త గట్టిగా పట్టు."

జోగులు పళ్ళు బిగించి పట్టాడు. మెడ అయింది, మూపురం అయింది, రెండు భుజాలూ అయ్యాయి. నాలుక బయటికి వేలాడేసుకుని దిగేసరికి పక్క రాటకి కట్టిన గేదె గొంతు సవరించుకుంది. దాని పేరు చంద్రమ్మ.

"ఏం బాబూ, నేను కనబళ్ళేదా? నా నడుం ఎవరు పడతారు?"

"రేపు పడతాను అత్తా."

"రేపటిదాకా ఓర్చుకోగలను కానీ, నొప్పి వస్తే నా నోరు నా మాట వినదు. ఒక్కసారి అరిచానంటే గవరయ్య కర్రతో సహా లేస్తాడు. నీ ఇష్టం."

జోగులు గేదె వీపు వైపు చూశాడు. ఎండిన బురదతో అది ఒక మిట్టలా ఉంది. ఇంటివైపు చూశాడు. గంప వైపు చూశాడు. మళ్ళీ గోతం పరిచాడు.

"అటు కాదు, ఇటు. ఇటు కాదు, కింద. నీ వేళ్ళలో పస లేదయ్యా. గున్నమ్మ నీకు తిండి పెట్టలేదా?" అంటూ చంద్రమ్మ అంగుళం అంగుళం చూపించింది. అది అయ్యేసరికి జోగులు ముందుకాళ్ళు గాలికి ఆకుల్లా వణుకుతున్నాయి.

"ఇక నా వంతు" అని వీరన్న పడుకున్నాడు.

అదే అసలు పరీక్ష. నక్క చేతుల్లో సత్తువ లేకపోయినా, ఎండవేడికీ నూనె వాసనకీ వీరన్న ఒళ్ళు మూడు రోజుల అలవాటు చొప్పున బరువెక్కింది. రెప్పలు వాలాయి. అతను నాలుకని పళ్ళ కింద పెట్టి రక్తం రుచి తెలిసేదాకా కొరుక్కున్నాడు. ఏటవతల చింతతోపుని తలుచుకున్నాడు. నిద్రపోయినట్టు గురక పెట్టాడు గానీ నిద్రపోలేదు.

"మామా" అన్నాడు జోగులు. గురకే జవాబు.

జోగులు గోతం ఈడ్చుకుంటూ గంప దగ్గరికి వెళ్ళాడు. రాయి మీద ముందుకాళ్ళు వేసి తోశాడు. నిన్న సులువుగా జరిగిన రాయి ఇవాళ కదల్లేదు. మళ్ళీ తోశాడు. కాళ్ళే మడతపడ్డాయి, మూతి రాయికి తగిలింది.

గౌరమ్మ గంప సందులోంచి చూసింది. పక్కన ఎవరున్నారో తెలిసిన ధైర్యం ఆమెది.

"జోగులు బావా, చాలా అలిసిపోయినట్టున్నావు. కాస్త కూర్చుని తొయ్యి. మాకేమీ తొందర లేదు."

"నోరు మూసుకో!" అని జోగులు పళ్ళు కొరికాడు.

అప్పుడు వీరన్న లేచాడు. వెనకకాళ్ళు ఆలస్యం చేస్తాయని ముందుగానే గట్టిగా ఊపిరి పట్టి లేచాడు. నాలుగు కాళ్ళూ ఒక్కసారే లేచాయి. అతనికే ఆశ్చర్యం వేసింది. ఆశ్చర్యపడుతూనే పరిగెత్తాడు. తుంటి కలుక్కుమనలేదు. మూడు రోజులు కల్తీ లేకుండా పట్టిన చెయ్యి తన పని తాను చేసింది.

జోగులు గోతం వదిలి కంచె మీదికి దూకాడు. దూకింది వెనకకాళ్ళే. ముందుకాళ్ళు కంచెని పట్టుకోలేకపోయాయి. ముళ్ళకంపలో బోర్లా పడ్డాడు. వీరన్న పళ్ళు వాడి చెవిని పట్టాయి.

"మామా, మామా! ఆ కాలు బాగుచేసింది నేను! నేను బాగుచేసిన కాలితో నన్నే తరుముతావా? న్యాయమేనా?"

వీరన్న చెవి వదలకుండా పళ్ళ సందునుంచే చెప్పాడు. "మేలు నా కాలికి చేశావు. అది నా సొంతం, నీకు రుణపడ్డాను. కోళ్ళు నా సొంతం కావు. అవిచ్చి నీ రుణం తీర్చలేను."

ఇంతలో చంద్రమ్మ అరిచింది. గవరయ్య కర్రతో పరిగెత్తుకొచ్చాడు. మొదటి దెబ్బ నడుం మీద, రెండో దెబ్బ ముందుకాళ్ళ మీద పడ్డాయి. మూడో దెబ్బకి జోగులు చెవి కొస వీరన్న నోట్లో వదిలేసి, ముళ్ళకంప చీల్చుకుని పారిపోయాడు. గవరయ్య గంప ఎత్తి ఎనిమిది కోళ్ళూ చూసుకున్నాడు, కుక్క వైపు చూశాడు, గంజిలో రెండు రాగిముద్దలు వేసి తెచ్చి ముందు పెట్టాడు. కుర్ర కుక్క మాట ఆ ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు తెల్లవారుతూనే వీరన్న కొండెక్కి గున్నమ్మ ముందు నిలబడ్డాడు.

"కాపలాలో ఒళ్ళు పట్టించుకుని పడుకున్నాను" అని ఉన్నదున్నట్టు చెప్పాడు.

"ఎన్ని రోజులు?"

"మూడు."

"అయితే మూడు రోజులు అందరికంటే ఆఖర్న నీ వంతు. వెళ్ళి ఆ చివర కూర్చో" అంది గున్నమ్మ. వీరన్న వెళ్ళి కూర్చున్నాడు.

జోగులు మాత్రం ఆ బండ దరిదాపులకి మళ్ళీ రాలేదు. ముందుకాళ్ళు రెండూ వాచిపోయి, చేలగట్టు మీద పీత కన్నం కూడా తవ్వుకోలేక, ఎనిమిది రోజులు రాలిన రేగుపళ్ళు ఏరుకుని తిన్నాడు. ఆ అడవిలో వాడి కాళ్ళు పట్టేవాళ్ళు ఎవరూ లేకపోయారు.

మంచి విద్యని మోసానికి ఎరగా వాడినవాణ్ణి ఆ విద్యే పట్టిస్తుంది.