బొట్టు పెట్టిన బ్యాటరీ

గొడుగుకొండ మీద ఒక ఎద్దు సైకిల్ తొక్కిందంటే మీరు నవ్వుతారని నాకు తెలుసు. నవ్వండి, ఫర్వాలేదు. నవ్వడం అయ్యాక వినండి.

పట్నం వాళ్ళు కొందరు వచ్చి ఆ కొండకి కింద నుంచి పై దాకా మెలికలు మెలికలుగా బాట వేశారు. రెండేళ్ళు సైకిళ్ళ మీద ఎక్కారు, దిగారు, కేకలు పెట్టారు. ఓ గాలివానకి డేరాలన్నీ చిరిగిపోతే సామాన్లు ఎక్కడివక్కడ వదిలేసి పోయారు. ఆ సైకిళ్ళు జంతువుల పాలయ్యాయి. మూటాముల్లె కట్టుకుని తొక్కడం వచ్చాక, నడిచి కొండెక్కడం అక్కడ దాదాపు అందరూ మరిచిపోయారు.

కొండెక్కడం ఎందుకంటారా? ఎండాకాలం కింద గడ్డి మాడిపోతుంది, మడుగు ఎండిపోతుంది. పైన ఊట ఉంది, పచ్చిక ఉంది. అందుకని ఏటా ఎండలు ముదరగానే ఒక రోజు అనుకుని అందరూ పైకి వెళ్ళిపోతారు. పైన ఎవరి చోటు వారిది. పొద్దు గుంకేలోపు చేరాలి. ఆ తర్వాత బాట మీద చిరుత తిరుగుతుంది కాబట్టి ఎలుగుబంటి భూషాలమ్మ ముళ్ళకంప అడ్డం పెట్టేస్తుంది. ఇంకో కట్టుబాటు కూడా ఉంది. వరుసగా మూడేళ్ళు రానివాడి చోటు ఇంకొకరికి పోతుంది.

ఎద్దు పుల్లన్నకి ఇది మూడో ఏడు.

మోకాలు పట్టేసి రెండు ఎండాకాలాలు కిందే ఉండిపోయాడు పాపం. మొదటి ఏడు ఎలాగో గడిచింది. రెండో ఏడు మడుగులో బురద నాకి బతికాడు. జోడెద్దు కర్రెన్న ఆ ఎండల్లోనే పోయాడు. కాడికి కుడివైపు కర్రెన్న, ఎడమవైపు పుల్లన్న, పదకొండేళ్ళు కలిసి లాగారు. ఇంకో వేసవి కింద ఉంటే తనూ అంతేనని పుల్లన్నకి తెలుసు. ఎవరితోనూ అనలేదు కానీ, మాఘం వెళ్ళిన దగ్గర్నించీ సరిగ్గా మేత మెయ్యలేదు.

భూషాలమ్మకి అది కనిపెట్టడం కష్టమా? ప్రయాణానికి ముందురోజు పిలిచింది.

"ఒరే పుల్లన్నా, పట్నం వాళ్ళు వదిలేసిన వాటిలో కరెంటు సైకిళ్ళు రెండున్నాయి. నువ్వొకటి తీసుకో."

"నాకెందుకు పెద్దమ్మా? మోకాలు వంగదు."

"వంగినంత వంచు. నువ్వు తొక్కితే అదీ తోస్తుంది. నువ్వు మానేస్తే అదీ మానేస్తుంది. ఎంత తొయ్యాలో ఈ మీటలు చెబుతాయి. ఒకటి నొక్కితే కొంచెం, నాలుగు నొక్కితే ఇంక చూసుకో!"

అప్పుడే నక్క చలమయ్య నడుం పట్టుకుని కుంటుతూ వచ్చాడు. పొద్దున కోడిపెట్టని తరిమినప్పుడు ఆ నడుం బాగానే ఉంది.

"పెద్దమ్మా, నా నడుం పోయిందే! ఆ రెండోది నాకు ఇప్పించు తల్లీ, నీ కాళ్ళకి మొక్కుతా."

భూషాలమ్మ వాణ్ణి కిందికీ మీదికీ చూసింది. "సరే ఏడు. కానీ ఇద్దరూ వినండి. బండి మీతోపాటు పైకి రావాలి. దారిలో పడేసి వచ్చినవాడికి పైన చోటు లేదు. ఎండని కరెంటు చేసే పలకలు సగం పగిలిపోయి ఒక బ్యాటరీయే నిండింది, అయిదు చుక్కలు చూపిస్తోంది. రెండోది మూడు దగ్గరే ఆగింది. నిండింది పుల్లన్నకి. నీకు మూడు చాలు."

చలమయ్య తల బుద్ధిగా ఊపాడు. లోపల మాత్రం కుతకుతలాడిపోయాడు. పుల్లన్న చోటంటే మామూలు చోటా! ఊట పక్కనే రాతి చూరు, మిట్టమధ్యాహ్నం కూడా నీడ. పుల్లన్న రాకపోతే అది ఎవరు ముందెళ్ళి కూర్చుంటే వాళ్ళది. రెండేళ్ళుగా చలమయ్య కన్ను దాని మీదే ఉంది.

కొత్త బండి కదా, భూషాలమ్మ ఊరికే ఇస్తుందా? పసుపు తడిపి పుల్లన్న సైకిల్ హ్యాండిల్‌కి ఓ బొట్టు, చక్రాలకి చెరో బొట్టు, బ్యాటరీకి ఓ పెద్ద బొట్టు పెట్టింది. చలమయ్య బండికీ పెట్టబోతే వాడు వెనక్కి లాక్కున్నాడు. "వద్దు పెద్దమ్మా, చేతులకి పసుపంటుకుంటుంది."

తెల్లవారకముందే భూషాలమ్మ కంప దగ్గర కూర్చోవడానికి పైకి వెళ్ళిపోయింది. వెలుగు సరిగ్గా రాకముందే చలమయ్య లేచి, బ్యాటరీలు రెండూ ఊడదీసి, అటుదిటూ ఇటుదటూ పెట్టి, మళ్ళీ పడుకుని గురక నటించాడు.

బయల్దేరేటప్పుడు, ముందురోజు అంతా పక్కనే ఉండి చూసిన తాబేలు నూకమ్మ పుల్లన్న ముందు బుట్టలో ఎక్కి కూర్చుంది. ఏటా నాలుగు రోజుల ముందు బయల్దేరే మనిషి. ఈ ఏడు తీరిగ్గా తెల్లారాక లేచింది. బుట్టలో సర్దుకుని చుక్కలు లెక్కపెట్టింది.

"అన్నా, అయిదన్నారు కదా, మూడే ఉన్నాయేమిటి?"

చలమయ్య పక్కనుంచి అందుకున్నాడు. "పెదనాన్నది పాత బండి కదత్తా. పాత బండికి మూడే ఫుల్లు."

"అలాగా?" అంది నూకమ్మ. నమ్మలేదు, కానీ అడగడానికి భూషాలమ్మ లేదు. పొద్దెక్కుతోంది.

చలమయ్య నాలుగో మీట నొక్కాడు. కాలు ఇలా ఆడించాడో లేదో బండి రివ్వున లేచింది. మామూలు సైకిల్ మీద చెమటలు కక్కుతూ ఎక్కుతున్న మేకపోతు సింహాద్రిని మోచేత్తో పొడిచినంత పని చేసి దాటిపోయాడు.

"ఏరా, గంటైనా కొట్టవా?" అని అరిచాడు సింహాద్రి.

"గంట కొట్టేలోపు నిన్ను దాటేస్తాను మామా!"

నాలుగో మెలిక దగ్గర నడిమి బండ ఉంది. మిగతావాళ్ళు మధ్యాహ్నానికి చేరే చోటికి వాడు చద్దివేళకే చేరాడు. వెనక్కి చూస్తే పుల్లన్న ఇంకా మొదటి మెలికలోనే ఉన్నాడు. వాడికి నవ్వాగలేదు. నడుం నొప్పి ఎప్పుడో ఎగిరిపోయింది.

ఇక్కడే వాడికి కొత్త సరదా పుట్టింది. కొండ మీద సైకిల్ తొక్కేవాళ్ళకి అసలు పండగ దిగుడులో ఉంటుంది. గాలి చెవుల్లో ఈల వేస్తుంది. కానీ ఇదివరకు ఒక దిగుడు కావాలంటే ఒక పూట ఎక్కాలి. ఇప్పుడు ఎక్కడం అంటే ఊరికే కాలు ఆడించడం! ఇంకేం, సర్రున కిందికి దిగాడు. మళ్ళీ ఎక్కాడు. మళ్ళీ దిగాడు. ఎక్కేవాళ్ళకి దిగేవాడు ఆగి దారివ్వాలని ఆ కొండ మీద చిన్నపిల్లలకి కూడా తెలుసు. వాడు ఒక్కసారి కూడా ఆగలేదు. కుందేళ్ళు పొదల్లోకి దూకాయి, అడవిపంది మూట జారి బాట పొడుగునా దుంపలు దొర్లాయి.

ఇక పుల్లన్న సంగతి. ఎంత విసురో తెలియక మొదట వాడూ నాలుగే నొక్కాడు. బండి ఒక్క ఉదుటున దూకేసరికి బుట్టలో నూకమ్మ డిప్పలోకి దూరిపోయింది.

"ఓరి నాయనో! ఇది నన్ను ఈడ్చుకుపోతోందే!"

"తగ్గించన్నా, తగ్గించు!" లోపల్నుంచి అరిచింది నూకమ్మ.

ఒకటికి తగ్గించాడు. తొక్కాడు. మోకాలు కలుక్కుమంది. అయినా తొక్కాడు. అప్పుడు బండి కింద నుంచి ఏదో మెత్తగా భుజం కలిపినట్టు అనిపించింది. వాడు ఒక అడుగు వేస్తే అదీ ఒక అడుగు వేస్తోంది. వాడు తడబడితే ఆగుతోంది. నాలుగు బారలు పోయేసరికి పుల్లన్న కళ్ళు చెమర్చాయి.

"ఏమైందన్నా? నొప్పా?"

"కాదే నూకమ్మా. కుడివైపు కర్రెన్న ఉన్నట్టుంది."

నూకమ్మ ఆ కుడివైపు ఓసారి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "అయితే మూడో మీట నొక్కు. కర్రెన్నే లాగుతాడు, నీ మోకాలికి సుఖం."

"ఛీ, అదేం మాట! జోడెద్దుని ఒక్కణ్ణే లాగమని నేను కాడికి వేలాడతానా? పదకొండేళ్ళలో ఒక్కరోజు చెయ్యలేదు. నా వంతు నేను లాగుతాను."

మరీ నిటారుగా ఉన్నచోట రెండు నొక్కాడు, దాటగానే మళ్ళీ ఒకటి. మోకాలు మొండికేస్తే దిగి నెట్టాడు. నడిమి బండ దగ్గర అందరితోపాటు ఆగి నీళ్ళు తాగాడు. మూడేళ్ళకి మళ్ళీ ఆ బండ మీద కూర్చోవడం. సింహాద్రి మాత్రం మూతి ముడుచుకున్నాడు.

"నువ్వెక్కుతున్నావా, మోటారు ఎక్కుతోందా? పైకి వెళ్ళాక అడుగుతాను. మేమంతా మా కండలతో ఎక్కుతున్నాం మరి."

పుల్లన్నకి ఆ మాట గుచ్చుకుంది. నిజమేనేమో, ఇది ఎక్కడం కాదేమో, పైన ఒప్పుకోరేమో అని దారంతా అదే గుబులు.

అందరూ ముందుకు వెళ్ళిపోయారు. పొద్దు వాలింది. ఒక్క చుక్కే మిగిలింది. ఏడో మెలిక తిరిగేసరికి బాటకి అడ్డంగా ఓ సైకిల్, దాని పక్కన నాలుక బయటపెట్టుకుని చలమయ్య!

నాలుగుసార్లు దిగి ఎక్కాక ఆ బండి సరిగ్గా ఆ ఏటవాలు మధ్యలో చచ్చి ఊరుకుంది. కరెంటు ఉన్నంతసేపే అది సైకిల్. అయిపోయాక పాతిక కిలోల ఇనుము. వదిలేద్దామంటే భూషాలమ్మ మాట. నెడదామంటే పది అడుగులకే వాడి ప్రాణం పోతోంది.

పుల్లన్న ఆగాడు. బాట మీద ఆగిపోయినవాణ్ణి అడక్కుండా పోకూడదు. "ఏమైందిరా చలమయ్యా?"

చలమయ్య కళ్ళు పుల్లన్న బండి మీద ఆ ఒక్క ఆకుపచ్చ చుక్క మీద పడ్డాయి. క్షణంలో మొహం మార్చేశాడు.

"ఏం లేదు పెదనాన్నా, నీ కోసమే ఆగాను. నీ మోకాలు తలుచుకుంటే మనసొప్పలేదు. నా బ్యాటరీలో ఇంకా బోలెడుంది. నువ్వది పెట్టుకో, నీది నాకివ్వు. నేను ఎలాగో తంటాలు పడతాను."

పుల్లన్న మొహం వెలిగిపోయింది. అంత మంచివాడు మరి, ఏం చేస్తాం! "నీ కడుపు చల్లగా ఉండ! చూశావా నూకమ్మా, ఎంత బుద్ధి పుట్టిందో!" అని దిగి, బ్యాటరీ మీద చెయ్యి కూడా వేశాడు.

"ఆగన్నా," అంది నూకమ్మ. మెడ సాగదీసి చలమయ్య బండి వైపు చూస్తోంది. "చలమయ్యా, బొట్టు వద్దన్నావు కదా? మరి నీ బ్యాటరీ మీద పసుపు బొట్టెక్కడిది?"

చలమయ్య గతుక్కుమన్నాడు. చీకట్లో మార్చినప్పుడు చూసుకోలేదు. "అది... అది... ఎండకి పసుపు రంగు తేలిందత్తా."

"తేలుతుందిలే. పోనీ, బోలెడుందన్నావుగా, ఒక్కసారి ఆ లైటు వెయ్యి. పొద్దు వాలింది, అన్నకి దారి కనబడుతుంది."

మీట నొక్కాడు. లైటు రాలేదు. ఇంకోసారి నొక్కాడు. లైటు నెత్తి మీద కొట్టాడు. ఊహూఁ.

పుల్లన్న బ్యాటరీ మీద నుంచి చెయ్యి తీశాడు. "చలమయ్యా, నేను కింద ఉండిపోతే చచ్చిపోతాను. నీకు తెలియదా?"

వాడు నేల చూపులు చూశాడు. పుల్లన్న వాడి బండి పక్కనుంచి దారి చేసుకుని తొక్కుకుంటూ పోయాడు.

కంప కనిపించేసరికి చుక్క మిణుకుమంది. ఆరిపోయింది. ఇంకా ముప్పై బారలుంది. కొండంచున సూర్యుడు సగం దిగాడు. పైన భూషాలమ్మ కంప చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. ఎందుకో ముల్లు గుచ్చుకున్నట్టు చెయ్యి దులుపుకుంటోంది, కంప మటుకు పెట్టడం లేదు.

"అన్నా, దిగు, నెట్టు!" నూకమ్మ బుట్టలోంచి దూకేసింది. "నా బరువైనా తగ్గుతుంది, నేను పాక్కుంటూ వస్తాను!"

పుల్లన్న తల వంచాడు. ఆ నెట్టడం సైకిల్ నెట్టినట్టు లేదు, నల్లరేగడిలో దిగబడ్డ బండిని లాగినట్టుంది. మోకాలు ఏడ్చింది. ఏడిస్తే ఏడ్చిందిలెమ్మన్నాడు. ముందు చక్రం కంప దాటింది, వెనక చక్రం దాటింది, పుల్లన్న పచ్చిక మీద కూలబడ్డాడు. గుప్పెడు గడ్డి నోట్లో పెట్టుకుని, నమలకుండా అలాగే ఏడ్చేశాడు.

"ఒప్పుకోను!" అన్నాడు సింహాద్రి ముందుకొచ్చి. "తీసుకొచ్చింది మోటారు. ఎక్కింది వీడు కాదు."

భూషాలమ్మ అంది: "వాడి మూపురం మీద చెయ్యి వెయ్యి."

సింహాద్రి వేశాడు. గిట్ట తడిసిపోయింది. పైనుంచి కింది దాకా చెమట కారుతోంది.

"మోటారుకి చెమట పడుతుందా సింహాద్రీ?"

సింహాద్రి తడి గిట్ట చూసుకున్నాడు. కాస్త ఆలోచించాడు. తర్వాత వెళ్ళి ఊటలో నీళ్ళు తెచ్చి పుల్లన్న ముందు పెట్టాడు. "తాగన్నా. నడిమి బండ దగ్గర తొందరపడి నోరు జారాను."

పుల్లన్న తాగాడు. చల్లటి నీళ్ళు గొంతు దిగుతుంటే రెండేళ్ళ భయం కూడా దిగిపోయింది. నూకమ్మ కూడా చేరింది. భూషాలమ్మ కంప అడ్డం లాగబోయింది.

"ఆగు పెద్దమ్మా," అన్నాడు పుల్లన్న. "చలమయ్య వెనకున్నాడు. చిరుత తిరిగే వేళ."

"వాడి కోసం నువ్వడుగుతున్నావా?"

"నేను ఒక్కణ్ణే కింద ఉన్నవాణ్ణి. అదెలా ఉంటుందో నాకు తెలుసు."

ఆఖరి వెలుగులో చలమయ్య వచ్చాడు. రొమ్ము నేలకి ఆనించి బండిని నెడుతున్నాడు, ఒళ్ళంతా చెమట. పొద్దుట్నుంచి దాచుకున్నదంతా ఒక్కసారే కారింది. భూషాలమ్మ కంప ఎత్తి లోపలికి రానిచ్చింది. బండి చుట్టూ ఒకసారి తిరిగింది. బ్యాటరీ దగ్గర ఆగింది.

"బొట్టు బాగుంది నాయనా," అంది. "నా చేత్తో పెట్టినట్టే ఉంది."

అందరూ అటు చూశారు. చలమయ్య తోక కాళ్ళ మధ్యకి వెళ్ళిపోయింది.

ఆ వేసవి వాడికి దొరికింది అడవిపంది పక్క చోటు. పంది గురక, పైగా దొర్లిపోయిన దుంపల లెక్క రోజూ వినాలి. రాతి చూరు కింద పుల్లన్న కాళ్ళు చాపుకుని, కుడివైపు ఇంకొకరికి చాలినంత చోటు వదిలి పడుకున్నాడు. ఆ చోట్లో సైకిల్ నిలబెట్టుకున్నాడు.

సాయం దొరికాక కూడా తన వంతు తాను లాగినవాడికే ఆ సాయం చివరిదాకా తోడొస్తుంది.