గవరయ్య వాల్వు తిప్పుకొచ్చాడు

చినవానపాలెంలో గవరయ్య ఇంటివాళ్ళకి తమ తెలివి మీద మహా గురి. గవరయ్య, పెళ్ళాం రాజేలు, తమ్ముడు పోలయ్య, ముగ్గురిదీ ఒకటే మాట. ఊళ్ళోవాళ్ళు చెప్పింది సగమే వింటారు, మేమైతే అక్షరం పొల్లుపోకుండా చేస్తాం అని.

ఆ వేసవిలో నాలుగు మళ్ళు మిరపనారు పోశారు. నారు ఎండకి వాడిపోతోంది. అది పోతే ఆ ఏడు పంటే లేదు. అందుకని మెకానిక్ నూకరాజు చేత బోరుకి కొత్త మోటారు పెట్టించారు. స్టార్టరు పెట్టెకి మీటలు లేవు. నున్నటి ప్లాస్టిక్ పొర, దాని కింద పచ్చ బటనొకటి, ఎర్ర బటనొకటి. పచ్చది మెత్తగా నొక్కితే మోటారు ఆడుతుంది, ఎర్రది నొక్కితే ఆగుతుంది అని చెప్పి నూకరాజు వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే కరెంటొచ్చింది. నొక్కడం రాజేలుకి కొత్తా? అత్తగారి కాళ్ళు పదేళ్ళు నొక్కింది. నువ్వులనూనె గోరువెచ్చగా కాచి తెచ్చి, పచ్చ బటనుకి పట్టించి మెత్తగా నొక్కింది. మోటారు గుర్రుమంది. ఎర్రదాన్ని చిన్నబుచ్చడం ఎందుకని దాన్నీ నొక్కింది. ఆగింది. ఆ తర్వాత రెంటినీ కలిపి గంటసేపు నొక్కింది. అంతే, మోటారు ఒక మూలుగు మూలిగి ఊరుకుంది.

ఫోను చేస్తే, పొర దగ్గరే ఏదో తేడా వచ్చుంటుంది అన్నాడు నూకరాజు. పోలయ్యకి విషయం అర్థమైపోయింది. తాతకి కంట్లో పొరొస్తే డాక్టరు తీసేశాడు, చూపొచ్చింది. ఇంకేముంది, కత్తిపీట తెచ్చి పొర మొత్తం ఒలిచేశాడు. దాంతోపాటు ఎర్ర బటనూ ఊడొచ్చింది. మోటారు ఒక్కసారిగా లేచింది, ఇక ఆగదు. పైపు వణుకుతోంది.

మళ్ళీ ఫోను. అన్నా, వాల్వు మూసుంది, పైపు పగుల్తుంది, ముందు దాన్ని ఎడమవైపు తిప్పండి అన్నాడు నూకరాజు.

గవరయ్య పానా పెట్టి వాల్వు ఊడదీశాడు. నీళ్ళు తాడిచెట్టంత ఎత్తు లేచాయి. ఆ గొడవ తనకెందుకు, తిప్పమని కదా చెప్పింది. వాల్వుని తువ్వాల్లో చుట్టి భుజాన వేసుకుని, ఊరికి ఎడమవైపు వీధులన్నీ తిప్పాడు. పాలకేంద్రం చూపించాడు, రేషన్ షాపు చూపించాడు. ఎదురొచ్చినవాళ్ళు ఇదేంటని అడిగితే, "కొత్తగా వచ్చింది కదా, ఊరు తెలీదు దీనికి" అన్నాడు.

ఈలోగా మళ్ళల్లో మోకాల్లోతు నీళ్ళు. నారు తేలిపోతుంటే రాజేలు ఏడుస్తూ ఫోను చేసింది. కరెంటు తీసెయ్యండి, వస్తున్నాను అన్నాడు నూకరాజు. పోలయ్య బిందె తెచ్చి పెట్టె కింద పట్టుకు నించున్నాడు. ఎంతసేపు పట్టినా చుక్క కరెంటు పడలేదు.

నూకరాజు వచ్చి మెయిన్ ఆపాడు. పల్లంలో ఉన్న రెండు మళ్ళు పోయాయి, మెరకన ఉన్న రెండూ దక్కాయి. గవరయ్య తిప్పుకొచ్చిన వాల్వు బిగించి, ఎర్ర బటను పెట్టి కొత్త పొర అతికించి, నీరసంగా గట్టు మీద కూలబడ్డాడు.

"అన్నా, రేపు నేనే వచ్చి మోటారేస్తా. అందాకా దేన్నీ ముట్టుకోకండి. ముగ్గురూ చేతులు కట్టుకుని కూర్చోండి, చాలు."

ఇంకేముంది, రాజేలు పగ్గం తెచ్చింది. గవరయ్య మిగతా ఇద్దరి చేతులూ కట్టాడు. తనకి కట్టేవాళ్ళు లేరు. విప్పాడు. ఈసారి పోలయ్య కట్టాడు, పోలయ్య మిగిలాడు. రాజేలు కట్టింది, రాజేలు మిగిలింది. ఎలా కట్టినా ఒకళ్ళు మిగులుతున్నారు.

పొద్దున నూకరాజు వచ్చేసరికి ఇంకా కడుతూనే ఉన్నారు. మనిషి తక్కువై ఇబ్బంది పడుతున్నాం, సమయానికొచ్చావు అని సంతోషించారు. అతను నోరు తెరిచేలోపే చేతులు కట్టేశారు. తర్వాత రాజేలుకి, ఆ తర్వాత పోలయ్యకి. చూస్తే గవరయ్య మళ్ళీ మిగిలాడు.

అవతల కరెంటొచ్చింది. మోటారు వెయ్యడానికి ఒక్క చెయ్యైనా విప్పమని నూకరాజు బతిమాలాడు.

"కాస్త ఓపిక పట్టు తమ్ముడూ. ఇంకొక్క మనిషి తక్కువ, అంతే. పక్కింటాయన్ని పిలుచుకొస్తా" అని గవరయ్య పగ్గం పట్టుకుని గబగబా బయల్దేరాడు.